మంచె మీది అడ్డపలకలు

ఆ అడ్డపలకలు పెట్టింది మీరే, ఇంకెవరో కాదు. ఒడ్వార్, నువ్వు. నీ వెనకాల తలకాయలూపిన సంఘం సభ్యులు. బీరు కోసం మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, అంటే మాల్టు, చేసే సీవెర్ట్‌కి భుజం పడిపోయింది, ఇక కొట్టం ఎవరి చేతికివ్వాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు మీరేం చేశారు? బార్లీని ఎవరు బాగా మొలకెత్తిస్తారు, ఎవరు బాగా ఆరబెడతారు అని చూశారా? లేదు. క్రిస్మస్ ముందు జరిగే పోటీలో ఎవరి బీరు గెలిస్తే కొట్టం వాళ్లదే అన్నారు. సీవెర్ట్ చేతిలోని చెక్కపారను తీసుకుపోయి సంఘం గదిలో దుప్పి కొమ్ముల పక్కన మేకు కొట్టి తగిలించారు. పనిముట్టును గోడకెక్కించినవాళ్లకి పని సంగతి ఏం తెలుస్తుంది? ఆ తర్వాత ఇద్దరు ఆడవాళ్ల మధ్య జరిగినదానికి ఊరంతా ఆ ఇద్దరినే ఆడిపోసుకుంటోంది. అందుకే ఊళ్లో మనిషిగా అసలు జరిగింది నేను చెప్పాలి.

గున్‌వోర్ బడి బస్సు నడుపుతుంది. పొద్దున పిల్లల్ని దించాక తిన్నగా వాగు పక్కనున్న కొట్టానికి వస్తుంది. పెళ్లయి ఈ లోయకి వచ్చినప్పటి నుంచీ అదే వరస. నానిన బార్లీని నేల మీద పరిస్తే, మొలకలు ఒకదానికొకటి చిక్కుపడకుండా మోకాళ్ల మీద కూర్చుని చేత్తో విడదీసేది ఆమె. చిల్లుల పలకల మంచె మీద పోసి కింద ఆల్డర్ కట్టెలు ముట్టించాక, పొగలో కళ్లు నలుపుకుంటూ తిరగేసేదీ ఆమే. ఇన్నేళ్లలో సీవెర్ట్ ఆమె పనిని చూసి అన్న మాట ఒక్కటే. "ఊఁ." ఆ 'ఊఁ' కోసమే ఆమె ఏటా మోకాళ్లు అరగదీసుకుంది. కొట్టం తనదేనని ఎవరూ చెప్పలేదు, ఆమె కూడా అడగలేదు. అడగాల్సిన అవసరం ఉందని అనుకోలేదు.

అంతలో ఆస్లౌగ్ వచ్చింది. పట్నం నుంచి పక్క పొలం కోడలిగా వచ్చిన మనిషి. ముసలివాళ్ల ఆశ్రమంలో నర్సు. నవ్వుతుంది, గలగలా మాట్లాడుతుంది, సీవెర్ట్ కోసం వేడివేడి గళ్ల అట్లు, వాఫిళ్లు, గుడ్డలో చుట్టుకుని తెస్తుంది. వచ్చిన మరుసటేడే పోటీలో గెలిచింది. ఆ తర్వాతి ఏడూ గెలిచింది. ఇద్దరూ కాచేది సీవెర్ట్ మాల్టుతోనే. ఆస్లౌగ్ బీరు తాగి జనం పెదాలు చప్పరిస్తుంటే, గున్‌వోర్ తన గ్లాసు వంక చూస్తూ నిలబడేది. తన బీరు బాగుందనే అనేవాళ్లు. బాగుంది అని చెప్పి ఆస్లౌగ్ పీపా దగ్గరికి వెళ్లేవాళ్లు.

ఇంతకుముందు పద్ధతి వేరు. అందరి బార్లీ ఒకటే. మంచె మీద ఆరాక సీవెర్ట్ అంతా కిందికి దించి ఒకే గుట్ట పోసేవాడు. పైదీ కిందిదీ, నడుమదీ అంచుదీ కలియదిప్పాకే ఎవరి సంచి వాళ్లు నింపుకునేవాళ్లు. కొట్టమే బహుమతి అయ్యాక ఒడ్వార్‌కి అది నచ్చలేదు. పోయినేడు శరత్కాలంలో అడ్డపలకలు చేయించి తెచ్చాడు. మంచెను పెట్టెల్లా విడగొట్టాడు.

"ఎవరి మాల్టు వాళ్లదే. పోటీ అన్నాక తేడా తేలాలిగా," అన్నాడు ఒడ్వార్.

సీవెర్ట్ తిరగేసిన పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. "ఓరేయ్ ఒడ్వారూ, మా అమ్మ కాలం నుంచీ కలిపే పంచుకున్నారు కదరా."

"ఆ కాలం వేరు మామా."

"బార్లీ అదేగా."

"నువ్వు భుజం సంగతి చూసుకో మామా, లెక్కలు మేం చూసుకుంటాం."

టోపీలో చీటీలు వేశారు. మగవాళ్లవి మూడు వాటాలు, ఆడవాళ్లవి రెండు. ఆస్లౌగ్‌కి నడుమ వాటా వచ్చింది. గున్‌వోర్‌కి తలుపు పక్క మూల. చలిగాలి కొట్టే మూల, ఎప్పుడూ ఆలస్యంగా ఆరే మూల.

"మూలైతే ఏముందిలే అక్కా," అంది ఆస్లౌగ్ ఆమె భుజం మీద చెయ్యేసి. "నీ చెయ్యి పడితే గులకరాయి కూడా మొలకెత్తుతుంది."

"అలాగా. అయితే మార్చుకుందామా?"

ఆస్లౌగ్ పకపకా నవ్వింది. "అమ్మో, ఒడ్వార్ చూస్తే ఇద్దరినీ వాగులో తోస్తాడు!"

గున్‌వోర్ కూడా నవ్వింది. చీటీ కూడా దానికే వస్తుంది, అనుకుంది. చీటీకి కూడా కళ్లున్నాయి, పడుచు మొహం కనపడితే అటే దూకుతుంది.

ఆరబెట్టే రోజు మధ్యాహ్నం. మంచె కింద ఆల్డర్ కట్టెలు సన్నగా మండుతున్నాయి. సీవెర్ట్ నడుమ వాటాలోంచి నాలుగు గింజలు తీసుకుని వాసన చూశాడు. కొరికాడు. కళ్లు మూసుకున్నాడు.

"ఆస్లౌగమ్మా, అచ్చం మా అమ్మ చేసిన మాల్టు వాసన."

అంతే అన్నాడు. లేచి భుజం పట్టుకుని డాక్టరు దగ్గరికి బయల్దేరాడు. గున్‌వోర్ చేతిలో చెక్క చట్టువం అలాగే ఆగిపోయింది. ఇన్నేళ్ల 'ఊఁ'లన్నీ కుప్ప పోసినా ఆ ఒక్క మాటకి సరితూగవు. ఆ బార్లీ నేల మీద మొలకెత్తుతున్నప్పుడు విడదీసింది ఎవరు? తనే కదా! అందరి వాటాలూ అప్పుడు కలిసే ఉన్నాయి. వాసన మాత్రం దానిదైపోయింది.

అంతలో ఆస్లౌగ్ ఫోను మోగింది. కొండ మీంచి దించుతున్న గొర్రెలు బెదిరి పెద్ద రోడ్డెక్కాయట, మొగుడు ఒక్కడే అరుస్తూ పరిగెడుతున్నాడట.

"అక్కా, నీకు పుణ్యముంటుంది, నా వాటా కూడా కాస్త తిరగేస్తావా? ఇలా వెళ్లి అలా వచ్చేస్తా."

"వెళ్లు వెళ్లు. గొర్రెలు ముఖ్యం."

గున్‌వోర్ తన మూల తిరగేసింది. మగవాళ్ల వాటాలు మూడూ తిరగేసింది. చట్టువం నడుమ వాటా అడ్డపలక దాకా వెళ్లి ఆగింది. అదొచ్చి తిప్పుకుంటుందిలే, అనుకుంది. కాసేపటికి మళ్లీ అన్నీ తిప్పింది, మళ్లీ అక్కడే ఆగింది. ఏమీ పాడు చెయ్యలేదు, ఏమీ కలపలేదు. చెయ్యి పెట్టలేదు, అంతే. ఆ పనిలో ఏళ్ల తరబడి నలిగినవాళ్లకి తప్ప ఇంకెవరికీ చాతకాని చెడ్డపని అది. తడి బార్లీని తిప్పకపోతే మొలకవేళ్లు కంబళిలా అల్లుకుపోతాయని, అడుగు అట్టకట్టి మాడుతుందని, పైన పచ్చిగా మిగిలిపోతుందని ఆమెకి తెలిసినంతగా లోయలో ఎవరికి తెలుసు?

పైగా ఒక సంతోషం కూడా కలిగింది. ఎన్నడూ లేనిది ఆమె మూలలోంచి ఆవిరి గుప్పుమని లేచింది. అరచెయ్యి పెట్టి చూస్తే చురుక్కుమంది. ఇన్నాళ్లకి నా మూలకి వేడొచ్చింది, దేవుడు ఉన్నాడు, అనుకుంది. దేవుడి సంగతి సరే, అడ్డపలకలు మంచె పైనే ఉన్నాయని, కింద నిప్పు అందరికీ ఒకటేనని ఆ క్షణంలో ఆమెకి తోచలేదు. ఓర్వలేనితనం కళ్లకి పొగ కన్నా ఎక్కువ అడ్డం పడుతుంది.

సాయంత్రం ఆస్లౌగ్ బురద బూట్లతో వచ్చి చట్టువం దింపింది. "అయ్యో, అడుగంతా గట్టిపడిందేంటక్కా?"

"తిప్పాను. నువ్వు మందంగా పోసుంటావ్."

"అంతేనేమో," అంది ఆస్లౌగ్ మొహం చిన్నబుచ్చుకుని. గున్‌వోర్ ఆ మొహం వంక చూసింది. చూసి తృప్తి పడింది. దాన్ని ఇంకో పేరుతో పిలవడం నాకు చాతకాదు.

డిసెంబరులో బీరు కాచే రోజు. గున్‌వోర్ పెరట్లోని కాపుగదిలో జూనిపర్ అనే వాసన పొద కొమ్మలు మరిగించి, ఆ నీళ్లు తొట్టిలోని మాల్టు పిండి మీద పోసింది. కలిపింది. కప్పిపెట్టింది. ఈపాటికి తీపెక్కాలి అనుకున్నప్పుడు వేలు ముంచి నాకింది. గంజి. ఇంకాసేపు ఆగి మళ్లీ నాకింది. చప్పటి గంజి. సంచిలో మిగిలిన గింజ తీసి కొరికింది. పంటి కింద గాజులా పగిలింది.

అక్కడే బల్ల మీద కూలబడింది. అప్పుడర్థమైంది. నడుమ వాటా అట్టకడితే నిప్పు ఆగుతుందా? దారి మూసుకుపోయిన వేడంతా పక్కకి మళ్లి, ఆమె మూల పలకల చిల్లుల్లోంచి పైకి దూకింది. తడిగా ఉన్న మాల్టుని ఒక్కసారిగా ఉడికించేసింది. పిండిని తీపి చేసే ప్రాణం అందులో చచ్చిపోయింది. దేవుడు పంపాడనుకున్న వేడి తను తిప్పని నడుమ వాటాలోంచి వచ్చింది.

తలుపు తోసుకుని ఆస్లౌగ్ వచ్చింది, ఒక్కో చేత్తో ఒక బకెట్టు.

"అక్కా, నా బతుకు చూశావా? కిందిదంతా బొగ్గు, పైదంతా పచ్చి. బొగ్గు పారబోశా. ఈ పచ్చిదే మిగిలింది. దీనొక్కదానితో కాస్తే పండక్కి కూజాడు కూడా రాదు. గొర్రెలకి పోసేద్దామని. మీ పొట్టేలుకేమైనా కావాలా?"

గున్‌వోర్ బకెట్ల వంక చూసింది. పచ్చి మాల్టు. వేడి తగలనిది, ప్రాణమున్నది. అది తన తొట్టిలో కలిస్తే గంజి మొత్తం తీపెక్కుతుంది. ఎవరికీ చెప్పక్కర్లేదు. పొట్టేలుకి అంటే చాలు. ఆస్లౌగ్‌కి బీరు లేదు, తనకి ఉంటుంది. పోటీ తనది, పార తనది.

"అక్కడ దించు," అంది.

ఆస్లౌగ్ దించింది. నడుం పట్టుకుని నిలబడింది. "ఇంకోళ్లయితే నా వాటా ముట్టుకునేవాళ్లే కాదక్కా. నువ్వు రెండు మార్లు తిప్పానని సీవెర్ట్ మామతో చెప్పావటగా. ఆయన చెప్పాడు. నీ రుణం ఎలా తీర్చుకుంటానో ఏమో."

ఆ కృతజ్ఞతే గున్‌వోర్‌కి ఒళ్లు మండించింది. ఇందులో కూడా ఇదే మంచిదైపోవాలా?

"తిప్పలేదు!" అని అరిచింది. "నీ వాటా తిప్పలేదు. చాలా? వాళ్లమ్మ వాసనట! ఇన్నేళ్లు ఆ నేల మీద పాకింది నేను. నాతో ఒక్కనాడన్నాడా ఆ మాట? నువ్వొచ్చావ్, వాఫిళ్లు పెట్టావ్, వాసన నీదైపోయింది!"

ఆస్లౌగ్ మొహంలో నవ్వు ఆరిపోయింది. రెండు బకెట్లూ ఎత్తుకుని గుమ్మం దాకా వెళ్లింది. అక్కడ ఆగి వెనక్కి తిరిగింది.

"నువ్వు నాకు కుళ్లుకున్నావా? నువ్వా? నేను చట్టువం పట్టుకున్నప్పుడల్లా ఆ ముసలాయన ఏమంటాడో తెలుసా? 'గున్‌వోర్ చెయ్యి చూడు, అలా తిప్పు. గున్‌వోర్ ఎప్పుడు ఆపుతుందో చూడు, అప్పుడు ఆపు.' నీ పేరు వింటేనే నాకు ఒళ్లంతా తేళ్లు జెర్రులు పాకుతాయి. వాఫిళ్లు ఊరికే తెచ్చాననుకున్నావా? ఒక్కసారైనా నా పేరు చెబుతాడేమోనని తెచ్చా!"

ఆ ముసలాడు ఈమె ముందు ఆమెని, ఆమె ముందు ఈమెని పొగిడాడన్నమాట!

"ఎప్పుడన్నాడు?" అంది గున్‌వోర్.

"రోజూ అంటాడు. ఎందుకు, ఇంకోసారి చెప్పించుకుని మురిసిపోదామనా?"

"అబ్బే."

"మురిసిపోతున్నావ్. కనపడుతోంది." ఆస్లౌగ్ తొట్టి దగ్గరికొచ్చి బకెట్లు దించి వేలు ముంచి నాకింది, ఉమ్మేసింది. "ఛీ, అన్నం గంజి! నీదీ పోయిందన్నమాట. మంచి పనైంది."

"నీ పచ్చిది కలిపితే తీపెక్కుతుంది," అంది గున్‌వోర్. "ఇందాక నీకు చెప్పకుండా కలుపుకుందామనుకున్నా."

"దొంగముండా."

"అవును."

ఆస్లౌగ్ బకెట్టు ఎత్తి తొట్టిలో గుమ్మరించింది. అలిసిపోయి కాదు, క్షమించీ కాదు. పండక్కి ఇంట్లో బీరు లేకుండా ఎవరి మొహం చూస్తుంది? తిప్పే కర్ర కోసం ఇద్దరూ ఒకేసారి చెయ్యి చాచారు. ఎవరూ వదల్లేదు. ఇద్దరూ పట్టుకునే తిప్పారు, ఒకళ్ల వేగం ఒకళ్లకి నచ్చక సణుక్కుంటూ. చాలాసేపటికి గున్‌వోర్ గరిటెతో తీసి ముందు తను నాకబోయి, ఆగి, ఆస్లౌగ్‌కిచ్చింది.

"తీపి," అంది ఆస్లౌగ్ ఇష్టం లేనట్టు.

పోటీ రోజున ఒకే పీపా దొర్లించుకొచ్చారు. దాని మీద సుద్దతో రెండు పేర్లు. గది నిండా జనం. సీవెర్ట్‌కి తొలి గ్లాసు ఇచ్చి ఇద్దరూ ఆయన పెదాలనే చూస్తున్నారు. ముసలాయన తాగాడు. కళ్లు మూసుకున్నాడు.

"ఊఁ," అన్నాడు.

"ఎవరికి మామా ఆ ఊఁ?" అంది ఆస్లౌగ్ ఉండబట్టలేక.

"నన్నడుగుతారేంటే, తాగి చూసుకోండి," అని గ్లాసు మళ్లీ చాచాడు.

ఒడ్వార్ అడ్డొచ్చాడు. "ఇది చెల్లదు. ఒక పీపాకి ఒక పేరే ఉండాలి. మాల్టు ఎవరి వాటాది?"

"మంచెది," అంది గున్‌వోర్.

"నడుమదా, మూలదా?"

"నిప్పు ఒకటే కదా ఒడ్వార్. అడ్డపలకలు నువ్వు పైనే కదా పెట్టావ్! కిందికి దిగి నిప్పుని కూడా వాటాలెయ్యి చూద్దాం." అప్పుడే జరిగిందంతా చెప్పింది గున్‌వోర్, తను తిప్పకపోవడంతో సహా, జనం అందరి ముందూ.

సభ్యులు గుసగుసలాడుకున్నారు. మోసం జరిగింది గనక పీపా కొట్టివేత, కొట్టం సంగతి వచ్చే ఏడు చూద్దాం అన్నారు. పీపా మాత్రం ఆ రాత్రే ఖాళీ అయింది. తాగినవాళ్లలో సంఘం సభ్యులు అందరికన్నా ముందున్నారు.

ఏడాది తిరిగి మళ్లీ శరత్కాలం వచ్చింది, కొట్టానికి ఇంకా తాళమే. కొత్త బార్లీ సంచుల్లో ఎదురుచూస్తోంది. సీవెర్ట్ చెయ్యి ఎత్తలేకపోతున్నాడు. గున్‌వోర్ బస్సు ఆ మలుపులో రోజూ కాస్త నెమ్మదిస్తుంది, ఆస్లౌగ్ ఏమైనా ముందే లోపలికి దూరిందేమోనని. ఆస్లౌగ్ కూడా ఆశ్రమానికి వెళ్తూ అటే చూస్తుంది, అదే అనుమానంతో. వాళ్ల కుళ్లు ఇంకా పోలేదు, పోదు కూడా. వాళ్లిద్దరూ కలిసి పట్టిన కర్ర తిరిగింది, అది చాలు.

ఒడ్వార్, మేకు పీకు. పార దించు. ఆ అడ్డపలకలు స్ప్రూస్ చెట్టు జిగురు కర్రవి, ఆ పొగ మాల్టుకి పడదు, తీసుకెళ్లి నీ ఇంటి పొయ్యిలో పెట్టుకో. కొట్టం తాళంచెవులు రెండు చేయించి ఆ ఇద్దరికీ చెరొకటి ఇవ్వు. వాళ్లు పోట్లాడుకుంటూనే తిప్పుతారు, తిప్పనీ. మాల్టు మళ్లీ ఒకే గుట్ట పోయాలి. వాగు గడ్డకట్టకముందే, ఈ వారమే, బార్లీ నానాలి.