బుగ్గలో దూది

బ్రాడీపేటలోని ఆ ఆస్పత్రిలో క్యాన్సర్ వార్డు చివర ఒక హాలుంది. ఇక బతకరని తేలిన రోగులను ఎలా చూసుకోవాలో, వాళ్లతో ఎలా మాట్లాడాలో నర్సులకు అక్కడ శిక్షణ పెట్టారు. నేర్పేది వార్డు డాక్టరు శశిభూషణ్. మొదటిరోజంతా బోర్డు మీద రాసి చెప్పాడు. రెండోరోజు ఒకరిని పేషెంటుగా, ఒకరిని నర్సుగా నాటకంలా ఆడి చూపించమన్నాడు.

ముందు లేచిన ఇద్దరూ రెండు మాటలు అని సిగ్గుతో నవ్వేసి కూర్చున్నారు. అప్పుడు నస్రత్ అనే నర్సు తన పక్కనున్న మెహర్‌ని చెయ్యి పట్టి లేపింది.

మెహర్‌ది దర్శి దగ్గర పల్లెటూరు. ఉద్యోగంలో చేరి ఏడాదైనా డాక్టర్ల ముందు "సరే సార్", "చేశాను సార్" తప్ప మరోమాట ఆమె నోట ఎవరూ వినలేదు. నస్రత్ నర్సులా కూర్చుని, "ఎట్టా ఉంది పెద్దమ్మా?" అని అడిగింది. మెహర్‌కు ఏం తోచలేదు. బల్ల మీది ట్రేలో కట్లకు వాడే దూది కనిపించింది. కాస్త తీసి ఉండ చేసి ఎడమ బుగ్గలో కుక్కుకుంది. మెడ ఒకపక్కకి వాల్చి, రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది.

హాలంతా గొల్లుమంది. అది కిటికీ పక్క మంచం మీది రాఘవమ్మ అని అందరూ పోల్చుకున్నారు.

రాఘవమ్మ మిరపకాయలకు తొడిమలు తీసి బతికిన మనిషి. బుగ్గలో పుండు ముదిరి మాట ముద్దగా వస్తుంది. వార్డులో ఆ మాట తెలిసేది మెహర్‌కి ఒక్కదానికే. కట్టు మార్చేటప్పుడు ఆమె పెదాల్నే చూస్తూ వింటుంది. కోడలు కూడా అత్త ఏమంటుందో అర్థం కాకపోతే మెహర్ కోసమే వెతుక్కుంటుంది.

"డాట్టరుతో చెప్పావా పాపా?" అంది మెహర్, అచ్చం రాఘవమ్మలాగే. "ఊపిరుండగా నన్ను ఇంటికి తోలమని చెప్పావా? ఇక్కడ పోతే శవాన్ని ఇంట్లోకి గడప దాటనీరు. వీధిలోనే పడుకోబెడతారు. ఆ ఇంటి గోడలకు మట్టి తొక్కింది నేనే పాపా."

మధ్యలో చొంగ తుడుచుకోవడం, నొప్పికి కన్ను మూసుకోవడం, అన్నీ దించేసింది. నవ్వులయ్యాక చప్పట్లు మోగాయి. శశిభూషణ్ కూడా మనిషిని పోల్చుకున్నాడు గానీ మాటలు కల్పించినవనుకున్నాడు. భలే ఊహించావమ్మా, నిజంగా ఇలాగే అడుగుతారు అని మెచ్చుకున్నాడు. తన మాటకు అంతమంది చప్పట్లు కొట్టడం మెహర్‌కు అదే మొదలు. ఒళ్లు తేలికైనట్టయింది.

చప్పట్లు తలుపు వైపు నుంచి ఆగిపోతూ వచ్చాయి.

గుమ్మం పట్టుకుని రాఘవమ్మ నిలబడి ఉంది. కట్టు మార్చే వేళ దాటిపోతే, మెహర్‌ని వెతుక్కుంటూ గోడ పట్టుకుని వచ్చింది. తడిసి జారిన కట్టును అరచేత్తో అదుముకుని ఉంది.

"పెద్దమ్మా" అనబోయింది మెహర్. దూది అడ్డమై ఆ పిలుపు కూడా రాఘవమ్మ మాటలాగే ముద్దగా వచ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. దూదిని అరచేతిలోకి ఉమ్మి గుప్పిట మూసుకుంది.

శశిభూషణ్ వెళ్లి రాఘవమ్మను కుర్చీలో కూర్చోబెట్టాడు. ఏం కావాలని అడిగాడు. ఆమె ఏదో అంది. ఆయనకు తెలియలేదు. అలవాటుగా మెహర్ వైపు చూశాడు.

మెహర్ తల వంచుకుంది. మంచినీళ్లు అడుగుతోందని అబద్ధం చెప్పొచ్చు. ఎవరికీ తెలియదు, రాఘవమ్మకు తప్ప.

"ఆ పిల్లనే చెప్పమను, నా మాట నాకంటే బాగా చెప్పుద్ది... అంటోంది సార్." తర్వాత తన మాటగా అంది. "నేను ఊహించింది కాదు సార్. రోజూ అడుగుతోంది. చెప్తానని మాటిచ్చాను. మీ ముందు నోరు రాలేదు."

"నేను రోజూ రౌండ్స్‌కి వస్తూనే ఉన్నా కదమ్మా..." అంటూ శశిభూషణ్ మధ్యలోనే ఆపేశాడు. ఆ మంచం దగ్గర తాను ఎప్పుడూ కోడలినే అడిగేవాడు. బోర్డు మీద నిన్న తాను రాసిన మాటలు చెరపకుండా అలాగే ఉన్నాయి. వాటి వైపు చూడలేదు.

పొద్దున్నే పంపించేద్దామని రాఘవమ్మతోనే చెప్పాడు. కోడలిని పిలిపించి, నొప్పి మాత్రలు ఎప్పుడెప్పుడు వేయాలో తనే వివరించాడు.

ఆ సాయంత్రం మెహర్ కట్టు మార్చింది. రాఘవమ్మ బుగ్గ ఇచ్చింది గానీ పెదాలు కదపలేదు. మెహర్ పని అయిపోయాక కూడా కాసేపు ఆ పెదాల వైపే చూస్తూ నిలబడింది.

తెల్లారి కారు వచ్చింది. వెనక సీట్లో రాఘవమ్మను పడుకోబెట్టారు. ఇంటి దగ్గర ఈమె మాట ఎవరికి తెలుస్తుంది సిస్టరుగారూ అని కోడలు బెంగపడింది. మెహర్ ఆమెకు దగ్గరగా వంగి చెప్పింది. "చెవితో వినబాకు అక్కా. పెదాలు చూడు. తొందరపెట్టకుండా మాట మొత్తం అననియ్యి."

రాఘవమ్మ కోడలి వైపు తిరిగి ఏదో అంది. మెహర్‌కు తెలిసింది. చెప్పకుండా ఊరుకుంది. కోడలు అత్త మొహం మీదికి వంగి, మళ్లీ అనమని అడిగి, ఈసారి పెదాల్నే చూసింది.

"తల కింద ఎత్తు కావాలంట" అంది కోడలు, తనే ఆశ్చర్యపోయి.

మెహర్ లోపలికి పరిగెత్తి దిండు తెచ్చింది. రాఘవమ్మ దాన్ని కోడలి చేతి మీదుగానే తీసుకుంది. కారు కదిలేదాకా మెహర్ వైపు తల తిప్పలేదు.