చిట్టి వాంగ్మూలం

సుబ్బరావమ్మ ఒకటి అనుకుందంటే ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చి చెప్పినా వినదు. రెండువేల ఒకటో సంవత్సరం మార్చినెలలో ఆవిడ గట్టిగా అనుకున్నది ఏమిటంటే, డెబ్భై ఏడు ఉప్పెనలో పోయిన తన కూతురు వేటపాలెంలో మళ్ళీ పుట్టిందని.

ఈ కబురు మోసుకొచ్చింది కోడలు నాగజ్యోతి. చీరాలలో ఏదో పెళ్ళికి వెళితే, అక్కడ బంతిలో పక్కన కూర్చున్న బిందుమాధవి అనే ఐదేళ్ళ పిల్ల ఎవరూ అడగకుండానే మొదలుపెట్టిందట. "నేను బిందుని కాదు, చిట్టిని. మా ఇంటి ముందు నేలంతా ఎర్రగా మిరపకాయలే. మా ఎద్దుకి ఒక కొమ్ము కిందికి ఉంటుంది. దాని పేరు పెద్దోడు. నీళ్ళొచ్చి నన్ను ఎత్తుకుపోయాయి" అని గుక్క తిప్పుకోకుండా చెప్పిందట. నాగజ్యోతి చేతిలో లడ్డూ చేతిలోనే ఉండిపోయింది.

ఉండిపోదూ మరి! సుబ్బరావమ్మ కూతుర్ని ఇంట్లో చిట్టి అనే పిలిచేవాళ్ళు. గుంటూరు వైపు వాళ్ళ ఊళ్ళో ఏ ఇంటి ముందు చూసినా మిరపకాయలే. కొమ్ము వాలిన ఎద్దూ ఉండేది, దాన్ని పెద్దోడనే అనేవాళ్ళు. ఉప్పెనొచ్చిన ఆ ఏడు కార్తీకమాసంలో సుబ్బరావమ్మ నాలుగున్నరేళ్ళ పిల్లని చంకనేసుకుని, బాపట్ల అవతల సముద్రం వారనున్న పుట్టింటికి వెళ్ళింది. ఉప్పెన నీళ్ళలో పిల్ల ఆవిడ చేతిలోంచి జారిపోయింది. శవం కూడా దొరకలేదు. ఇరవైమూడేళ్ళుగా ఆవిడ తన కుడిచేతిని తిట్టుకుంటూనే ఉంది.

కొడుకు నాగేంద్రబాబుకి ఈ గోల బొత్తిగా నచ్చలేదు. "అమ్మా, చెల్లి పోయింది డెబ్భై ఏడులో. ఆ పిల్ల పుట్టింది తొంభై ఆరులో. మధ్యలో పందొమ్మిదేళ్ళు ఎక్కడుందంట?"

"పైన మాత్రం రద్దీ ఉండదేంట్రా? గుంటూరు బస్సులో సీటు కోసం గంట నిలబడతావు కదా నువ్వు!"

"నవ్వులాట కాదమ్మా. నువ్వు ఆశపడి, అది కాదని తేలితే మళ్ళీ మొదట్నుంచీ ఏడుస్తావు. అది చూడటం నా వల్ల కాదు. మూర్తిగారిని తీసుకెళదాం. ఆయన అవునంటే నేనూ అవునంటా. కాదంటే ఇంక నువ్వు ఆ పిల్ల ఊసెత్తకూడదు."

"ఎత్తను. నా బిడ్డ మీద ఒట్టు" అంది సుబ్బరావమ్మ. అన్నాక నాలిక కరుచుకుంది.

రాధాకృష్ణమూర్తిగారు ఒంగోలు కోర్టులో ముప్పై ఏళ్ళు సాక్షుల వాంగ్మూలాలు రాసి, రిటైరై, సొంతూరు చేరిన మనిషి. పులుసు బాగుందటండీ అని భార్య అంటే, "నువ్వు రుచి చూశావా, ఎవరైనా చెప్పారా?" అని అడిగే రకం. అలాంటాయన్ని వెంటబెట్టుకుని ఆదివారం పొద్దున్నే అద్దె జీపులో బయల్దేరారు. సుబ్బరావమ్మ ఒళ్ళో బుట్టెడు అరిసెలు, గులాబీరంగు గౌను, రెండు డజన్ల గాజులు ఉన్నాయి.

"పంతులుగారూ, పసిపిల్ల కళ్ళారా చూసినట్టు చెబుతుంటే ఇంకా సాక్ష్యమేంటండీ?" అని దారి పొడుగునా ఆయన ప్రాణం తీసింది.

"కోర్టులో అందరూ కళ్ళారా చూసినట్టే చెబుతారమ్మా. అబద్ధమని కాదు. ఆ మాట వాళ్ళ దగ్గరికి ఏ దారిన వచ్చిందో కూడా చూడాలి."

వేటపాలెంలో బిందు తల్లిదండ్రులు ఇద్దరూ టీచర్లు. కంగారుపడుతూనే కుర్చీలు వేసి కాఫీలు ఇచ్చారు. తమ వంశంలో మిరపచేను మొహం చూసినవాళ్ళే లేరని, పిల్లకి దిష్టి తగులుతుందని వీధిలో ఎవరికీ చెప్పలేదని అన్నారు. బిందు మాత్రం బెరుకు లేకుండా వచ్చి సుబ్బరావమ్మ పక్కనే కూర్చుంది. ఇంకేం, ఆవిడ ఆగగలదా!

"చిట్టీ, నీకు వెండి మొలతాడు ఉండేది కదూ?"

"ఉండేది."

"మీ అన్నని గిచ్చేదానివి కదూ?"

"గిచ్చేదాన్ని!"

"చూశారా పంతులుగారూ!"

మూర్తిగారు చెయ్యెత్తి ఆపారు. "బిందూ, మీ ఇంట్లో ఏనుగు ఉండేది కదూ?"

"రెండు ఉండేవి!" అంది బిందు హుషారుగా.

నాగేంద్రబాబు పకపకా నవ్వాడు. సుబ్బరావమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"సాక్షి నోటికి జవాబు మనమే అందిస్తే ఇలాగే ఉంటుందమ్మా" అన్నారు మూర్తిగారు నెమ్మదిగా. "ఇప్పుడు చెప్పినవన్నీ కొట్టేస్తున్నా. కానీ ఎద్దూ, మిరపకాయలూ, నీళ్ళూ ఎవరూ అందించకుండా చెప్పింది. అవి కొట్టెయ్యడానికి నాకూ చెయ్యి రావడంలేదు. బిందూ, అప్పటి మీ అమ్మ గురించి నీకు తెలిసింది చెప్పు."

బిందు సుబ్బరావమ్మ చేతి గాజులు తిప్పుతూ చెప్పింది. "మొహం తెలీదు. మిరపకాయలు ఏరితే అమ్మ చేతులు మండేవి. అందుకని నేనేడిస్తే చేత్తో తుడిచేది కాదు. మోచేత్తో తుడిచేది."

సుబ్బరావమ్మ తన మోచేతిని తడిమి చూసుకుంది. ఆ సంగతి ఆవిడ ఎవరితోనూ అనలేదు. అనడానికి అదేమంత సంగతని! నాగేంద్రబాబు నవ్వు ఎటుపోయిందో పోయింది. ఆ మోచెయ్యి వాడి బుగ్గకీ తెలుసు.

"ఇప్పుడేమంటారు?" అంది సుబ్బరావమ్మ. "ఇదీ కొట్టేస్తారా?"

"ఒక్క ప్రశ్న. బిందూ, ఇది నువ్వు చూశావా తల్లీ, ఎవరైనా చెబితే విన్నావా?"

"మస్తానమ్మత్త చెప్పింది" అంది బిందు, ఇందులో దాపరికమేముందన్నట్టు. "పక్కిల్లే. అమ్మా నాన్నా బడికెళ్ళినప్పుడు నన్ను నిద్రపుచ్చుతూ చెబుతుంది. పెద్దోడి కథ కూడా అత్తదే. జీడిగింజలు కొట్టి అత్త చేతులకి మండే జీడి ఉంటుందిగా, అందుకని తనూ నన్ను మోచేత్తోనే తుడుస్తుంది. వాళ్ళమ్మ అలాగే తుడిచేదంట."

 అయితే ఇది చిట్టి కాదన్నమాట. ఎవరో చెప్పిన కథన్నమాట. సుబ్బరావమ్మ ఒళ్ళోని గౌనుని మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

మూర్తిగారు మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఆ మస్తానమ్మ వయసెంత?" అని అడిగారు. 

"ఇరవై ఏడో, ఎనిమిదో ఉంటాయండీ" అన్నాడు బిందు తండ్రి. "జోహరాబీ అని, ఆవిడ పెంచి పెళ్ళి చేసిన పిల్ల. ఉప్పెనప్పుడు చీరాల శిబిరంలో దొరికిందంటారు."

ఆ మాట పూర్తవకముందే బుట్ట కింద పడింది, అరిసెలు గదంతా దొర్లాయి, సుబ్బరావమ్మ వీధిలో ఉంది. చెప్పులు కూడా లేవు. మూర్తిగారు పంచె ఎగ్గట్టి వెనకాలే పరుగెత్తారు. "అమ్మా, నీకు దణ్ణం పెడతా, పేరు చెప్పకు! ఆ అమ్మాయినే చెప్పనీ!"

పక్కింటి వసారాలో ఒకామె జీడిగింజలు కొడుతోంది. నల్లబడ్డ చేతులు. సుబ్బరావమ్మ గుమ్మం ముందు ఆగి, జన్మలో మొదటిసారి ఒకరి మాట విని, రెండు చేతులతోనూ తన నోరు మూసుకుంది.

"ఎవరు కావాలండీ?" అంది మస్తానమ్మ.

"నీ చిన్నప్పటి ఇల్లు గుర్తుందంటగా తల్లీ. ఆ ఇంట్లో ఎవరెవరుండేవాళ్ళు?" అన్నారు మూర్తిగారు రొప్పుతూ.

"ఉప్పెన ముందు సంగతాండీ? సరిగా గుర్తులేదు. అమ్మ ఉండేది. ఒక అన్న ఉండేవాడు. వాడి ఎడమకాలి వేళ్ళు రోజూ లెక్కపెట్టేదాన్ని. ఎప్పుడు లెక్కపెట్టినా ఆరొచ్చేవి. నాకు లెక్కలు రావని వాడు మొట్టేవాడు."

నాగేంద్రబాబు వసారా మెట్టు మీద కూలబడి, ఎడమకాలి బూటు విప్పి, మేజోడు లాగేసి, కాలు ముందుకి చాపాడు.

మస్తానమ్మ ఆ కాలి వంక చూసింది. "ఒకటి, రెండు, మూడు..." అని మెల్లగా మొదలుపెట్టింది. ఆరు దాకా వచ్చి, మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టింది. నాగేంద్రబాబు చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు. "నీకు లెక్కలు వచ్చు! నేనే అబద్ధం చెప్పాను!" అన్నాడు. ఇక సుబ్బరావమ్మని ఆపేదెవరు? జీడి అంటుతుందని కూతురు చేతులు ఎడంగా పెట్టుకుంటుంటే, పొక్కితే పొక్కనీ అని మొత్తం మనిషినే వాటేసుకుంది.

గోల విని జోహరాబీ లోపల్నుంచి వచ్చింది. సంగతి తెలియగానే గోడకి ఆనుకుని నిలబడిపోయింది. సుబ్బరావమ్మ వెళ్ళి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. "అక్కా, నేను వదిలేస్తే నువ్వు పట్టుకున్నావు. దీన్ని తీసుకెళ్ళడానికి రాలేదు నేను. మీరందరూ వచ్చిపోండి, నన్నూ రానివ్వండి" అంది.

జోహరాబీ ఏడుస్తూ నవ్వింది. "శిబిరంలో ఎంతమందిని అడిగామో. సముద్రం ఊళ్ళన్నీ తిరిగాం. గుంటూరు వైపు పిల్లని ఎవరనుకుంటారు? పేరడిగితే చిట్టి అంది. మీ అమ్మ పేరేంటే అంటే, అమ్మ అంది. వందసార్లడిగినా అమ్మ అనే అంది."

ఈలోపు బిందు వచ్చి సుబ్బరావమ్మ చెంగు లాగింది. "మరి నేను చిట్టిని కాదా?"

"నువ్వు బిందువే బంగారం. గౌను మాత్రం నీదే!"

మూర్తిగారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "పునర్జన్మల సంగతి నాకు తెలీదు గానీ, ఈ పిల్ల చెప్పినదాంట్లో ఏనుగులు తప్ప అన్నీ నిజమే" అన్నారు. అందరూ ఒక్కసారిగా నవ్వారు.

మస్తానమ్మ నవ్వలేదు. తల్లి మొహాన్నే చూస్తోంది. ఇరవైమూడేళ్ళుగా అడగాలనుకున్నది అడిగింది.

"అమ్మా, నీ పేరేంటి?"

"సుబ్బరావమ్మ" అంది సుబ్బరావమ్మ.