ఆకలి బస్సులో ఉండాది

కుప్పయ్యకు ఆకలి చచ్చిపోయిందన్న సంగతి బంగారుపాళ్యంలో ముందుగా పాలు పోసే గంగులమ్మకు తెలిసింది. గంగులమ్మకు తెలిశాక ఇక ఊరికి వేరే చాటింపు అక్కర్లేదు. రెండు రోజుల్లో కోడలు అమల వాకిట్లోకి వచ్చి వైద్యం చెప్పనివాళ్ళు లేరు. ఒకరు వామునీళ్ళు పట్టించమన్నారు, ఒకరు శొంఠి కషాయం అన్నారు, ఇంకొకరు దిష్టి తీయమన్నారు. పుత్తూరు నుంచి వచ్చిన దూరపు చుట్టం రామచంద్ర అయితే తమ ఊళ్ళో కట్టు కట్టేవాళ్ళకు ఒకసారి చూపించమన్నాడు.

"ఆకలి ఎముకల్లో ఉంటాదా అన్నా?" అని అడిగింది అమల.

"మా ఊరి కట్టుకు కుదరనిది ఏముండాది మే?" అన్నాడతను.

వచ్చిన ప్రతివాళ్ళూ కుప్పయ్యను తినమని బతిమాలి, బతిమాలీ బతిమాలీ అలసిపోయి, అమల పెట్టిన సంగటీ పులుసూ కడుపునిండా తిని వెళ్ళారు. పళ్ళెంలో రెండు మెతుకులు కదిపి చెయ్యి కడుక్కున్నది కుప్పయ్య ఒక్కడే.

అమలకు కుప్పయ్య మామగారే కాదు, సొంత మేనమామ కూడా. ముప్పై ఒక్కేళ్ళు బస్సు కండక్టరుగా చేసి దిగినవాడు. రెండేళ్ళ కిందట భార్య నాగులమ్మ పోయాక తిండి తగ్గుతూ వచ్చింది. ప్యాంటు జారిపోతోందని కొడుకు గిరి బెల్టుకు మేకుతో కొత్త చిల్లులు కొట్టాడు. మూడో చిల్లు కొట్టిన రోజు అమలకు ఏడుపొచ్చింది.

ఆమె చేయని సేవ లేదు. మామ లేచి రావాల్సిన పని లేకుండా పళ్ళెం గదిలోకే తీసుకెళ్ళేది. టీవీ పెట్టి, మంచం పక్కన స్టూలు వేసి, చల్లారకుండా మూత వేసి పెట్టేది. ఐదు నిమిషాలకోసారి గుమ్మంలో నిలబడి తొంగి చూసేది.

"రెండు ముద్దలు తిను మామా."

"వొద్దుమ్మా. నోట్లో పెట్టుకుంటే గడ్డి నమిలినట్టుండాది."

చిత్తూరులో డాక్టరు రక్తం పరీక్షలు చేయించాడు. పళ్ళు చూశాడు, వాడుతున్న మాత్రలు చూశాడు. ఎక్కడా తేడా కనపడక, తిరుపతికి వెళ్ళి గొట్టం వేయించి కడుపు లోపల చూపించుకోమని చీటీ రాసిచ్చాడు. ఉదయం పది గంటలకు రావాలి, కడుపు ఖాళీగా ఉండాలి, నీళ్ళు కూడా తాగకూడదు. "ఖాళీ కడుపుకేం, రోజూ ఖాళీనే గదా" అన్నాడు కుప్పయ్య.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజను మంచి ఊపు మీదుంది. గిరికి సెలవు దొరకలేదు. అమలే మామను వెంటబెట్టుకుని తెల్లవారి బెంగుళూరు నుంచి వచ్చే తిరుపతి బస్సెక్కింది. చిత్తూరు దాటాక రోడ్డు పక్కన ఒక హోటలు ముందు బస్సు ఆగింది. "పది నిమిషాలు! టిఫిన్లు చేసేవాళ్ళు చేయండి, పది నిమిషాలే!" అని అరిచి కండక్టరు దిగిపోయాడు.

అమలకు హోటలు వెనక్కి వెళ్ళాల్సిన అవసరం పడింది. "మామా, సీట్లోంచి కదలొద్దు. నీళ్ళు కూడా ముట్టొద్దు" అని రెండుసార్లు చెప్పింది. కుప్పయ్య బుద్ధిగా తలూపాడు.

ఆమె తిరిగి వచ్చేసరికి సీట్లో చేతిసంచి మాత్రమే ఉంది.

అమల హోటల్లోకి పరిగెత్తింది. లోపల ఓ మూల బల్ల దగ్గర డ్రైవరు, కండక్టరు, వాళ్ళ మధ్యన కుప్పయ్య. ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు. కుప్పయ్య చేతిలోని ఇడ్లీ ముక్క సాంబారులో మునిగి, తేలి, నోట్లోకి పోయింది. ఆ చెయ్యి మళ్ళీ పళ్ళెం మీదికి వచ్చింది.

"మామా!"

కుప్పయ్య అలాగే ఆగిపోయాడు. పళ్ళెం వంక చూశాడు, కోడలి వంక చూశాడు. దొంగతనం చేస్తూ పట్టుబడ్డవాడిలా మొహం పెట్టాడు.

"పది నిమిషాలన్నాడుమ్మా. పది నిమిషాలంటే నేనింకేం ఆలోచించను. కాళ్ళే దిగిపోయినాయి."

"ఎన్ని తిన్నావు?"

"నాలుగు" అన్నాడు కండక్టరు సాయం వస్తూ. "రెండు వడలు గూడా. పెద్దాయన మా డిపోలోనే సేసినాడంట గదక్కా!"

పరీక్ష పోయింది, వచ్చిన పని చెడింది, గిరికి ఏం చెప్పాలి? అమల తిట్టడానికే నోరు తెరిచింది. కానీ రెండేళ్ళుగా తను చూడని సంగతి కళ్ళెదురుగా ఉంది. మామ మీసానికి సాంబారు అంటింది. ఆమె ఎదుటి బెంచీ మీద కూలబడింది.

"ఇంకో వడ చెప్పేదా మామా?" అంది.

తిరుపతి ఆసుపత్రిలో లేడీ డాక్టరు చీటీ చదివి, "ఏమీ తినలేదు కదా తాతా?" అని అడిగింది.

"నాలుగు ఇడ్లీలు, మూడు వడలు" అన్నాడు కుప్పయ్య.

డాక్టరు చీటీ మళ్ళీ చదివింది. "ఆకలి లేదని కదా వచ్చారు?"

"ఇంట్లో లేదు డాక్టరమ్మా. బస్సులో ఉండాది."

ఆమె నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, ఇంట్లో ఎక్కడ తింటారు, ఎవరితో తింటారు అని ఒక్కొక్కటే అడిగింది. గదిలో ఒక్కడే తింటాడనీ, టీవీ ఉంటుందనీ అమల కాస్త గర్వంగానే చెప్పింది. అత్త పోయినప్పటినుంచీ ఏనాడూ మామను కష్టపెట్టలేదంది.

"మీ అత్తగారు ఉన్నప్పుడు?"

"ఆయమ్మ నాతోనే కూసోని తినేది" అన్నాడు కుప్పయ్య. "డ్యూటీలో డ్రైవరు. ఇంట్లో ఆయమ్మ. ఒక్కణ్ణే తినింది నా జల్మలో లేదు."

అమలకు గది తలుపు గుర్తొచ్చింది. తను రోజూ పళ్ళెం పెట్టి తలుపు కూడా దగ్గరగా వేసి వచ్చేది, గాలికి దుమ్ము పడుతుందని.

డాక్టరు చెప్పింది సూటిగా చెప్పింది. ఒకేసారి పళ్ళెం నింపొద్దు, కొంచెం కొంచెం నాలుగైదు సార్లు పెట్టండి. అన్నానికి ముందు వీధి చివరిదాకా నడిపించండి. పక్కన ఎవరైనా కూర్చోండి, కానీ ఆయన్ని చూస్తూ కాదు, మీరూ తింటూ. నెల తర్వాత బరువు చూద్దాం, పెరగకపోతే అప్పుడు పరీక్ష తప్పదు.

ఇది విని గిరికి తెగ ఉత్సాహం వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం ఎక్కడినుంచో ఈల తెచ్చి, నడవలో గట్టిగా ఊది, "పది నిమిషాలు!" అని అరిచాడు. కుక్క మంచం కిందికి దూరింది. కుప్పయ్య కొడుకును ఎగాదిగా చూశాడు.

"ఏమిరా, నీకేమన్నా ఎర్రి పట్టిందా?" అని అటు తిరిగి పడుకున్నాడు.

మిగిలింది అమల. అందరూ తిన్నాక, మూడు గంటలకు, పొయ్యి దగ్గర నిలబడే నాలుగు ముద్దలు మింగడం ఆమెకు అలవాటు. మామ ఎదురుగా పళ్ళెం పెట్టుకుని కూర్చోవాలంటే సిగ్గేసింది. అయినా మర్నాడు పన్నెండున్నరకు వంటింట్లోనే రెండు పళ్ళేలు పెట్టి, "రా మామా, నాకు ఆకలేస్తా ఉండాది" అంది. ఆ మాట అబద్ధం కాదు. ఆమెకు రోజూ ఆ వేళకు ఆకలేసేది, ఎవరూ అడిగేవాళ్ళు లేరంతే.

మామ పళ్ళెం వంక చూడకుండా ఉండడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. కళ్ళు అటే లాగేవి. చూపు మళ్ళించడానికి, "మామా, ఘాటురోడ్డులో బస్సు ఆగిపోయినప్పుడు ఏం సేసినారు?" అని అడిగింది. అంతే. కుప్పయ్య కథ ఎత్తుకున్నాడు. టైరు పంక్చరయింది, వాన మొదలయింది, ఒకామెకు నొప్పులొచ్చాయి. చెయ్యి దానంతటది పళ్ళెంలోకి పోయి వస్తూనే ఉంది. బిడ్డ పుట్టేసరికి సంగటి అయిపోయింది.

వారం తిరక్కుండానే వంకలు పెట్టడం మొదలుపెట్టాడు. "పప్పులో ఉప్పు తక్కువైందే. మీ అత్త అయితే ఇట్ల సేసుంటాదా?" అన్నాడు. అమల లేచి ఉప్పు డబ్బా తెచ్చి ఆయన ముందు ఠక్కున పెట్టింది. కోపం ఉప్పు డబ్బా దాకే ఉంది. రాత్రి షిఫ్టులో ఉన్న గిరికి ఫోను చేసి ఆ మాట మూడుసార్లు చెప్పి మురిసిపోయింది.

నెల తర్వాత డాక్టరు కుప్పయ్యను తూకం మీద నిలబెట్టింది. రెండు కిలోలు పెరిగాడు. పరీక్ష ఇప్పుడు అక్కర్లేదంది. అమల చేతులు జోడించింది.

"నువ్వూ ఎక్కమ్మా" అంది డాక్టరు.

అమల వద్దు వద్దంటూనే ఎక్కింది. చిత్తూరులో మామతో పాటు తనూ చూసుకున్న బరువు కన్నా నాలుగున్నర కిలోలు పెరిగినట్టు తేలింది. అమల గబుక్కున దిగిపోయింది.

"రేపట్నించి నేను తినను మామా, నువ్వు తిను" అంది బయటికి వస్తూ.

కుప్పయ్య మెట్ల మీద ఆగాడు. "ఎవురు తోడు లేకపోతే నేనెట్ల తినేది?" అన్నాడు. అమల ముందు నడిచింది. కుప్పయ్య వెనకనే వస్తూ, మధ్యాహ్నం సాంబారులో మునక్కాయలు వేస్తావా, వంకాయలు వేస్తావా అని అడుగుతున్నాడు.