గొంతులో వణుకు

ఫోన్ మోగితే చాలు, నా గుండెల్లో రాయి పడుతుంది. పన్నెండేళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్నా ఇదే వరస. ముద్ద గొంతు దిగదు. "మీ స్టోర్ రూములో పని అడగండి, ఆ నట్లూ బోల్టులూ సర్దుకుంటూ హాయిగా ఉండొచ్చు" అని మా ఆవిడ ఒకటే పోరు. పడలేక నిన్న పొద్దున అర్జీ రాసి జేబులో పెట్టుకున్నాను. అంతలోనే ఫోన్ మోగింది.

ఒక అపార్టుమెంటులో నాలుగు, ఐదు అంతస్తుల మధ్య లిఫ్టు ఆగిపోయింది. లోపల ఒక ముసలావిడ ఒక్కర్తే ఉంది. పైన మెషిన్ రూములో కరెంటు ఆపి, బ్రేకు వదులుతూ చక్రాన్ని కొద్దికొద్దిగా చేత్తో తిప్పాను. స్పీకరులో ఆవిడతో "భయపడకండమ్మా, కాస్త కుదుపు వస్తుంది" అంటున్నాను గానీ, నా నోరే ఎండిపోయింది.

కిందికొచ్చి తలుపు తీసేసరికి ఆవిడ నవ్వుతోంది! నాకు ఒళ్లు మండింది.

"ఇక్కడ నాకు ముచ్చెమటలు పడుతుంటే మీకు నవ్వొస్తోందా?"

"కోప్పడకు నాయనా. ఇందాక వాచ్‌మన్ ఆవులిస్తూ 'ఏం కాదు, ఏం కాదు' అన్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నీ గొంతు వణికాకే కుదుటపడ్డాను. హమ్మయ్య, నాకోసం భయపడేవాడు ఒకడొచ్చాడనుకున్నాను."

మధ్యాహ్నం భోజనం దగ్గర మా ఆవిడ అడిగింది.

"అర్జీ ఇచ్చారా?"

"లేదు."

"మళ్లీ ఆ గుండెదడేనా?"

"దడే. ఉండనీ, దాని పని అది చేస్తోంది. నువ్వు ఇంకాస్త వడ్డించు."