ట్యాంకు నింపే మరమ్మతులు

మెర్ల్ మంచివాడు. నలభై మూడేళ్ళ కాపురంలో లోర్నా ఆ మాట ఎన్నడూ కాదనలేదు. తాగుడు లేదు, జూదం లేదు, ఒకరి మీద మాట తూలడం లేదు. ఉన్నదల్లా చేతుల దురద ఒక్కటే. ఒహాయోలో ఒక బడిలో గదులు వెచ్చబెట్టే బాయిలర్ల దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు గానీ అతని స్క్రూడ్రైవర్ మాత్రం రిటైర్ కాలేదు. ఎవరింటికి వెళ్ళినా, కాఫీ కప్పు చేతికి వచ్చేలోపు అక్కడ దేనికో ఒకదానికి మూత ఊడదీసి ఉండేవాడు. అది పాడైందా, బాగుందా అన్నది అతనికి అనవసరం.

రెండేళ్ళ క్రితం ఇద్దరూ ఇల్లమ్మేసి ఆర్వీ కొన్నారు. మంచం, పొయ్యి, ఫ్రిజ్జు, స్నానాలగది అన్నీ చక్రాల మీదే. ముప్పై రెండడుగుల ఆ బండి గ్యాలను పెట్రోలుకి ఎనిమిది మైళ్ళు నడుస్తుంది, అదీ ఎదురుగాలి లేకపోతే. కొన్న రోజుల్లో ఆ లెక్క ఎవరికీ పట్టలేదు. ఈ వేసవిలో పెట్రోలు ధరకి పట్టపగ్గాలు లేకుండా పోయాయి. బంకు బోర్డు మీద అంకెలు చూసినప్పుడల్లా మెర్ల్ టోపీ తీసేవాడు, శవయాత్ర ఎదురైనట్టు.

ఇంతలో వాళ్ళకొక అదృష్టం పట్టింది. అరిజోనాలో యూమా దగ్గర ఎడారిలో ఒక క్యాంపు మైదానంలో చలికాలానికి కాపలా పని దొరికింది. జీతం లేదు. మరుగుదొడ్లు కడగాలి, వచ్చినవాళ్ళకి చోటు చూపించాలి. బదులుగా నీళ్ళు, కరెంటు, బండి నిలుపుకునే చోటు ఆరు నెలలపాటు ఉచితం. అక్టోబరు ఒకటో తేదీ మధ్యాహ్నం పన్నెండింటిలోగా బండితో సహా అక్కడుండాలని షరతు. నిమిషం దాటితే ఆ చోటు వరసలో తరవాతివాళ్ళకి పోతుంది. అది పోతే చలికాలమంతా ఏ సూపర్‌బజారు పార్కింగులోనో దుప్పట్లు కప్పుకుని కూచోవాలి.

ఉన్న పింఛను తిండికీ మందులకీ చాలు. రెండువేల మైళ్ళ పెట్రోలుకి చాలదు. కాబట్టి ఆర్వీల వాళ్ళందరూ చేసే పనే వీళ్ళూ చేశారు. బంధువుల వాకిట్లో బండి ఆపి, వాళ్ళింటి ప్లగ్గులోంచి తీగ లాక్కుని, నాలుగు డబ్బులు మిగిలేదాకా అక్కడే తిష్ట వేద్దామనుకున్నారు.

మొదటి మజిలీ ఇండియానాలో మెర్ల్ తమ్ముడు డ్వైట్ ఇల్లు. మొదటిరోజు డ్వైట్ అన్నగారిని కావలించుకుని వదల్లేదు. రెండోరోజు మెర్ల్ వాళ్ళ వీధి గుమ్మం గంటని బాగుచేశాడు. అప్పణ్ణుంచి ఆ ఇంట్లో ఎవరు ఫ్రిజ్జు తలుపు తీసినా వీధిలో గంట మోగింది. మూడోరోజు మరుగుదొడ్డి ట్యాంకు బాగుచేశాడు. అది ఉండుండి తనంతట తనే నీళ్ళు వదలడం మొదలుపెట్టింది. అది మళ్ళీ ఎప్పుడు వదులుతుందో తెలియక డ్వైట్ భార్య తలుపు దగ్గరే నిలబడి కాపలా కాసేది. అయిదోరోజు పొద్దున్నే డ్వైట్ తలుపు కొట్టి, "పద అన్నయ్యా, బంకుకి వెళ్దాం, ట్యాంకు నేను నింపిస్తాను," అన్నాడు.

పంపు నూట పాతిక డాలర్ల దగ్గర దానంతట అదే ఆగిపోతుంది. ఇంకా కావాలంటే మళ్ళీ కార్డు గీకాలి. డ్వైట్ మూడుసార్లు గీకాడు, మూడుసార్లూ నవ్వుతూనే గీకాడు. బండి కదిలాక మెర్ల్ కళ్ళు తుడుచుకుని, వాడికి నేనంటే ప్రాణం లోర్నా, అన్నాడు. లోర్నా అద్దంలో చూసింది. వెనకాల కారులో బంకు దాకా వచ్చిన డ్వైట్ వాళ్ళావిడ అతని భుజం తడుతోంది, ఏదో గండం గట్టెక్కించాడన్నట్టు.

లోర్నాకి విషయం అర్థమైంది. ఆవిడ చెడ్డది కాదు గానీ, అక్టోబరు ఒకటో తేదీ ఆవిడ పీక మీద కూచుని ఉంది. మిస్సోరీలో మెర్ల్ పినతండ్రి కొడుకు రోలండ్ ఇంట్లో దిగిన సాయంత్రం, భోజనాల దగ్గర అందరూ నవ్వుతుండగా, తను మాత్రం చెవి రిక్కించి, "మెర్ల్, ఆ గిన్నెలు కడిగే మిషను ఏదో మూలుగుతున్నట్టు లేదూ?" అంది.

మిషను ఏమీ మూలగలేదు. మూడురోజుల తరవాత నిజంగానే మూలిగింది. నాలుగోరోజున పచ్చికకి నీళ్ళు చల్లే పైపులు, పలకరించడానికి వచ్చిన చర్చి పాస్టరుగారిని వాకిట్లోనే నిలువునా తడిపేశాయి. ఆ మధ్యాహ్నమే రోలండ్ తన క్రెడిట్ కార్డు జేబులో వేసుకుని, బంకు దాకా వీళ్ళ బండికి ముందు కారులో దారి చూపిస్తూ వెళ్ళాడు. వీళ్ళు అటుతిరిగి మళ్ళీ ఇంటికే వస్తారేమోనని అతని భయం. మెర్ల్‌కి మాత్రం గుండె నిండిపోయింది. ఈ రోజుల్లో కూడా ఇంత అభిమానం ఉందంటే ఎవరు నమ్ముతారు, అని వందమైళ్ళు అదే మాట అన్నాడు. లోర్నా కిటికీలోంచి మొక్కజొన్న చేలు చూస్తూ కూచుంది. సిగ్గుగానే ఉంది. కానీ ట్యాంకు నిండుగా ఉంది.

మూడో మజిలీ కాన్సాస్‌లో వెర్నా అత్త ఇల్లు. ఆవిడ మెర్ల్ తండ్రికి చెల్లెలు, ఎనభై ఏళ్ళ మనిషి. మూడేళ్ళ క్రితం భర్త పోయినప్పటినుంచి ఒంటరిగా ఉంటోంది. లోర్నా లోపల అడుగుపెట్టి చుట్టూ చూసేసరికి గుండె గుభేలుమంది. ఆ ఇంట్లో పాడుచెయ్యడానికి ఏమీ మిగల్లేదు. అన్నీ ముందే పాడైపోయి ఉన్నాయి. కుళాయి కారుతోంది, పొయ్యిలో ఒక్క మంటే వెలుగుతోంది, హాల్లో లైట్లు నాలుగుంటే ఒక్కటే పనిచేస్తోంది. ఆవిడ ఆ ఒక్కదాని కింద కుర్చీ వేసుకుని బతుకుతోంది. మెర్ల్ వాకిట్లో నిలబడి, తిరునాళ్ళలో పిల్లాడిలా మొహం చేసుకుని చూశాడు.

ఇక్కడ మరో వింత జరిగింది. బాగున్నదాన్ని పాడుచేసే ఆ చేతులే పాడైనదాని మీద పడేసరికి ఏదో ఒకలా పని జరిగింది. పొయ్యి నాలుగు మంటలూ వెలిగాయి, ఒకటి కాస్త ఎత్తుగా ఎగిరినా సరే. నీళ్ళు కాచే ట్యాంకు వేడినీళ్ళిచ్చింది, కాకపోతే రోజంతా బిగ్గరగా గొణుగుతూ ఉండేది. లోర్నా ఆశగా, ఆ చప్పుడు నీకు చిరాగ్గా లేదా అత్తా, అని అడిగింది. ఎందుకే అమ్మాయ్, ఇంట్లో మగమనిషి ఉన్నట్టుంది, అని వెర్నా మురిసిపోయింది.

ఇంక ఆవిడకి చిరాకెక్కించడం ఎవరి తరం? రోజూ చికెన్ నూడిల్స్ కింద మెత్తగా మెదిపిన బంగాళాదుంపలు, చిల్లీ అనే మాంసం, చిక్కుడుగింజల కూర వండిన పూట పక్కన దాల్చినచెక్క వేసిన తీపి సినమన్ రోల్సు. మెర్ల్ సినమన్ రోల్ చిల్లీలో ముంచుకు తింటూ అయిదు కిలోలు పెరిగాడు. లోర్నా కావాలని టీవీ శబ్దం పెంచింది. నాకూ సరిగ్గా వినపడి చావదు, మంచిపని చేశావు, అంది వెర్నా. లోర్నా ఆవిడ వంటకి వంక పెట్టింది. ఆవిడ కాగితం పెన్సిలు తెచ్చుకుని రాసుకుంది. ఎన్ని చేసినా బెల్లం కొట్టిన రాయే. సెప్టెంబరు ఇరవై మూడు వచ్చింది, ట్యాంకులో ముల్లు ఎర్రగీత మీద ఉంది, పైగా రోజుకో కొత్త వస్తువు పాడవుతోంది. ఎప్పటికప్పుడు మెర్ల్, ఇది ఒక్కటీ చూసి వెళ్దాం లోర్నా, అంటున్నాడు.

ఇరవై నాలుగో తేదీ ఉదయం లోర్నా బండిలో నీళ్ళు పట్టడానికి పెరట్లోకి వెళ్ళింది. వెర్నా వెనక వరండాలో బట్టలుతికే మిషను వెనకాల నేలమీద కూచుని ఉంది. చేతిలో రెంచి. నీళ్ళ పైపు బిగింపుని పళ్ళు బిగించి మరీ వదులు చేస్తోంది. ఎనభై ఏళ్ళ మనిషి అలా వంగి కష్టపడుతుంటే ముందు లోర్నాకి జాలేసింది. తరవాత విషయం బుర్రకెక్కింది.

"అత్తా, ఏం చేస్తున్నావు?"

వెర్నా ఉలిక్కిపడలేదు. "కనపడ్డం లేదూ? పైపు ఊడదీస్తున్నాను. మధ్యాహ్నానికి మెర్ల్‌కి పనుండాలి కదా."

"నిన్నటి టోస్టరు?"

"అప్పడాల కర్రతో ఒక్కటిచ్చాను."

"మొన్న హాల్లో మళ్ళీ పోయిన లైట్లు?"

"అదేమంత కష్టం," అంది వెర్నా, రెంచి పక్కన పెట్టి. "పనుంటే వాడు ఉంటాడు. వాడుంటే నువ్వూ ఉంటావు. మూడేళ్ళయింది అమ్మాయ్, నా బల్ల మీద రెండో కంచం పెట్టి. ఇప్పుడు మూడు పెడుతున్నాను. అందుకని టోస్టరు పోతే పోయింది."

లోర్నా పక్కనే మెట్టు మీద కూలబడి మొత్తం కక్కేసింది. యూమా సంగతి, ఒకటో తేదీ సంగతి, డ్వైట్, రోలండ్, పాస్టరుగారు తడిసిపోవడం, తను లేని మూలుగులు వినడం, మెర్ల్‌కి ఇదేమీ తెలియకపోవడం. చెప్తూ ఏడ్చింది కూడా. అంతా విని వెర్నా కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి మిషనుకి ఆనుకుంటే పైపు పూర్తిగా ఊడి ఇద్దరి మీదా నీళ్ళు కొట్టింది.

"డ్వైట్ నాకు పదిరోజుల కిందటే ఫోన్ చేశాడే," అంది, తడిమొహం తుడుచుకుంటూ. "ఆలస్యం చెయ్యకత్తా, మొదటిరోజే ట్యాంకు నింపి సాగనంపెయ్, అన్నాడు. నింపితే మీరు వెళ్ళిపోతారని తెలిసే కదా నేను నింపనిది."

నువ్వు లేని జబ్బులు కనిపెడతావు, నేను ఉన్న వస్తువులు విరగ్గొడతాను, మనిద్దరిలో ఎవరు గొప్ప అంటావు, అని వెర్నా అడిగింది. అత్తా నువ్వే, అని లోర్నా ఒప్పుకుంది.

మర్నాడు ఉదయం వెర్నా తన పాత కోటు వేసుకుని బంకు దాకా బండిలోనే వచ్చింది. కార్డు మూడుసార్లు గీకింది. మెర్ల్‌ని దగ్గరికి తీసుకుని, ఒరేయ్, ఏప్రిల్లో తిరుగుదారిన తప్పకుండా రా, అప్పటికి అన్నీ పాడుచేసి ఉంచుతాను, అంది. మెర్ల్ అది సరదామాట అనుకున్నాడు. పొరుగింటావిడ ఆవిణ్ణి కారెక్కించుకోడానికి వస్తే ఎక్కకుండా, బండి మలుపు తిరిగేదాకా బంకులోనే నిలబడింది. రెండు చేతులతో మొహం కప్పుకుని భోరున ఏడుస్తోంది.

ఊరు దాటింది. నలభై మైళ్ళు గడిచాయి. మెర్ల్ నోరు విప్పలేదు. అతను నలభై మైళ్ళు మాట్లాడకుండా ఉండటం లోర్నా ఎన్నడూ చూడలేదు.

"అత్త ఏడ్చింది," అన్నాడు చివరికి.

"ఏడ్చింది పాపం."

"డ్వైట్ నవ్వాడు. రోలండ్ కూడా నవ్వాడు. డ్వైట్ వాళ్ళావిడైతే వాడి భుజం తట్టింది, నేనూ అద్దంలో చూశాను." రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే, "వాళ్ళు నేను వెళ్ళిపోతున్నానని పెట్రోలు పోయించారు, కదూ?" అన్నాడు.

అబద్ధం చెప్పడానికి లోర్నాకి నోరు రాలేదు. ఉన్నదంతా చెప్పింది. తను చేసింది కూడా దాచకుండా చెప్పింది. మెర్ల్ చెవులు ఎర్రబడ్డాయి. వాళ్ళకి సాయం చేస్తున్నాననుకున్నానే, అని ఒక్కమాట అన్నాడు. అది విని లోర్నా ప్రాణం ఉసూరుమంది. తిట్టినా బాగుండును అనిపించింది. క్షమించమని అడిగింది, భుజం మీద చెయ్యి వేసింది. అతను ఆ చెయ్యి తొయ్యలేదు గానీ పలకనూ లేదు. ఒక్లహోమా కొస దాటి, టెక్సాస్ కూడా చాలామట్టుకు అలాగే గడిచింది.

న్యూమెక్సికోలోకి వచ్చాక మెర్ల్, ఈ ట్యాంకుతో యూమా చేరతామా, అని అడిగాడు. చేరం, ఇంకో ట్యాంకు కావాలి, అంది లోర్నా.

"ఆల్బకర్కీలో మీ చెల్లెలు ఉంది కదా?"

చెల్లెలు జోయెల్ ఇంట్లో చెప్పులు బయట విడిచి, ఇచ్చిన మేజోళ్ళు తొడుక్కుంటే గానీ లోపలికి రానివ్వరు. సోఫా మీద కూచుంటే మన వెనకాలే వచ్చి దిండు సర్దుతుంది.

"ఇండియానాలో మావాళ్ళు, మిస్సోరీలో మావాళ్ళు, కాన్సాస్‌లో మావాళ్ళు," అన్నాడు మెర్ల్ నెమ్మదిగా. "నువ్వు వేసిన దారిలో మీవాళ్ళ ఇల్లు ఒక్కటీ లేదేం లోర్నా?"

మెర్ల్ ఫోన్ తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. లోర్నా నంబరు నొక్కింది. అక్కయ్య గొంతు వినగానే జోయెల్ ఎగిరి గంతేసింది. తప్పకుండా రండి, ఎన్నాళ్ళయిందో చూసి, పోయినవారమే వంటిల్లంతా కొత్తగా కట్టించాం, ప్రతి మిషనూ సరికొత్తది, ఇంకా ఒక్కదాని మీద కూడా చెయ్యి పడలేదు, అంది. ఆ మాటలన్నీ బండంతా వినపడ్డాయి.

పెట్రోలు ఆదా అవుతుందని ఇన్నాళ్ళూ గంటకి యాభై అయిదు మైళ్ళు దాటని మనిషి, మిగిలిన దారంతా డెబ్భై మీద తోలాడు.