పడవమనిషి

“ఖాళీగానే ఉన్నావుగా” అంటూ భర్త మొదటిసారి ఆ పెట్టె తెచ్చి ముందు పెట్టినప్పుడు ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఒళ్ళో పళ్ళెం, పక్కన నానబెట్టిన బట్టల బకెట్టు, పొయ్యి మీద పాలు. ఆ మూడూ ఆయన కంట పడలేదు. పెట్టెలో బూడిదరంగు ప్లాస్టిక్ చట్రాలు, వాటికి అతుక్కుని చేతులూ కాళ్ళూ తలలూ కత్తులూ విడివిడిగా ఉన్నాయి. అవన్నీ కత్తిరించి, అతికించి, రంగులు వేస్తే బొటనవేలంత సైనికులు తయారవుతారు. ఆదివారాల్లో స్టేషనరీ షాపు మేడ మీద ఆయన స్నేహితులంతా చేరతారు. పెద్ద బల్ల మీద అట్టతో కొండలూ కోటలూ పేర్చి, ఈ సైనికులను రెండు వైపులా నిలబెట్టి, టేపుతో దూరాలు కొలుస్తూ, పాచికలు వేస్తూ యుద్ధం ఆడతారు. అందరూ ఆఫీసుల్లో మంచి ఉద్యోగాలు చేసేవాళ్ళే. ఆడటానికి వాళ్ళకు తీరిక ఉంది, రంగులు వేయడానికే లేదు.

ఆమెకు చిన్నపని కొత్త కాదు. కట్టుడుపళ్ళు తయారుచేసే ల్యాబులో ఆమె ఉద్యోగం. డాక్టర్లు పంపిన అచ్చుల్లో మైనం పోసి, చెక్కి, పక్క పన్ను రంగులో కలిసిపోయేలా కొత్త పంటికి ఛాయలు దిద్దుతుంది. బాగా కుదిరితే పేషెంటు డాక్టరుకు దణ్ణం పెడతాడు, కుదరకపోతే ల్యాబుకు ఫోను వస్తుంది. రోజంతా వంగిన మెడ ఇంటికొచ్చాక కూడా వంగే ఉంటే ఎవరికీ వింతగా అనిపించలేదు, ఆమెకు కూడా. పైగా, చెప్పుకోకూడదు గానీ, మొదటి సైనికుడి కళ్ళల్లో సన్నటి బ్రష్షుతో తెల్లచుక్క పెట్టగానే వాడు తలెత్తి తనను చూసినట్టయింది. ఆ రోజు పాలు పొంగిపోయినా ఆమెకు తెలియలేదు.

అలా మొదలైన పని ఏళ్ళ తరబడి సాగింది. ఆయన చదివే యుద్ధాల నవలల్లో ఒంటికన్ను సేనాని ఉంటాడు, కుంటి మాంత్రికుడు ఉంటాడు. వాళ్ళలాంటి బొమ్మలు ఏ పెట్టెలోనూ రావు. అందుకని ఆమె ఒకడి మొండానికి మరొకడి తల పెట్టి, మెత్తటి పుట్టీతో అంగీకి మడతలు తీర్చి, కట్టెపుల్లతో ఊతకర్ర చేసి ఇచ్చేది. క్లబ్బులో అందరూ ముక్కున వేలేసుకునేవారు. “ఓపిక ఉండాలండీ” అనేవాడట ఆయన. ఆ మాట ఆయనే ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు. ఆమె కూడా నవ్వింది. అప్పుడు ఎందుకు నవ్విందో తర్వాత చాలాసార్లు ఆలోచించుకుంది.

అత్తగారు వాళ్ళ దగ్గరే ఉండేవారు. మాటకారి. ఆవిడ కట్టుడుపళ్ళు కోడలే ల్యాబులో చేసిచ్చింది. “నా నోట్లో పళ్ళు నా కోడలివి, మాట మాత్రం నాదే” అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. ఆ మాట సూదిలాగే ఉండేది. కూరలో ఉప్పు దగ్గర నుంచి తలుపు గడియ వేసే చప్పుడు దాకా ఆవిడకు వంక దొరకనిది లేదు. బొమ్మలు కొడుకే చేస్తున్నాడనుకుని, “వాడి ఓపిక చూసైనా నేర్చుకో” అని కూడా ఒకసారి అన్నారు. కోడలు రంగులు వేసేది ఎక్కువగా రాత్రిళ్ళు, ఆవిడ పడుకున్నాక. నిజం ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఒక ఆదివారం పొద్దున్న కోడలు ఇస్తున్న కాఫీ గ్లాసు అందుకోబోయి, ఆ చెయ్యి అలాగే పట్టుకుని, గోళ్ళ వైపు చూశారు.

“రంగు నీ గోళ్ళల్లో ఉందేంటి అమ్మాయ్? పేరు వాడి నోట్లో ఉందిగా.”

ఆమె గ్లాసు ఆవిడ చేతిలో పెట్టి, గోళ్ళు కొంగుకు తుడుచుకుంది. అత్తగారు రెట్టించలేదు. కానీ ఆ మరుసటి ఆదివారం నుంచి ఆయన క్లబ్బుకు వెళ్ళగానే కుర్చీ లాక్కుని కిటికీ దగ్గర ఆమె బల్ల పక్కన కూర్చోవడం మొదలుపెట్టారు. మొదట్లో కోడలికి ఇబ్బందిగా ఉండేది, ఏ తప్పు పట్టడానికి వచ్చారోనని. ఆవిడ తప్పులు పట్టలేదు. చాలాసేపు చూసి ఒకరోజు, “వీళ్ళల్లో ఆడది ఒక్కతీ లేదేం?” అని అడిగారు. పెట్టెల్లో రారని చెప్పింది ఆమె. “చేస్తే వస్తుందా?” అన్నారు. వస్తుందంది. అప్పుడు అత్తగారు, గొంతు తగ్గించి, ఇంట్లో ఇంకెవరూ లేకపోయినా తగ్గించి, పడవమనిషి సంగతి ఎత్తారు.

ఆవిడ కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో ఒక వారపత్రికలో వచ్చిన సీరియల్ అది. మామగారికి, అంటే ఆవిడ భర్తకు, ఆడవాళ్ళు పత్రికలు చదవడం గిట్టదు. ఒకసారి ఆవిడ చేతిలోంచి లాక్కుని, అందులో మాటలు వెటకారంగా పైకి చదివి చుట్టాలందరినీ నవ్వించారట. ఆ తర్వాత పప్పుల డబ్బాల వెనక దాచుకుని చదివారు. పత్రిక తెప్పించడం మాన్పిస్తే పక్కింటావిడ దగ్గర తెచ్చుకున్నారు. ఆఖరి వారం స్నానాల గదిలో నిలబడి చదివారట, బయట నుంచి మామగారు తలుపు బాదుతుంటే చెంబుతో నీళ్ళు ఒలకబోస్తూ. ఆ కథలో ఒక పెద్ద ఏరు, ఆ ఒడ్డున ఒక సైన్యం, ఈ ఒడ్డున ఒక సైన్యం. మొగుడు యుద్ధానికి పోతే అతని పడవ తను నడుపుకుంటూ బతికే మనిషి ఒకతె. ఏ పక్షం వాడివని ఎవరినీ అడగదు. ఎక్కినవాడిని అవతల దింపుతుంది.

“పొడుగ్గా ఉంటుంది. పత్రికలో బొమ్మ వేసేవాడు ప్రతి వారం పొట్టిగా వేసి చంపేవాడు. నువ్వు పొడుగ్గా చెయ్యి” అన్నారు అత్తగారు.

ఆమె చేసింది. విలుకాడి మొండెం, మాంత్రికుడి అంగీ అంచు, ఒక కాపలావాడి తల. గడ్డం గీకేసి, దవడ నున్నగా అరగదీసి, పుట్టీతో జుట్టు ముడి పెట్టింది. అన్నిటికన్నా కష్టమైంది చేతులు. కత్తి పట్టిన చెయ్యి ఎదుటివాడి మీదికి లేస్తుంది, తెడ్డు పట్టిన చెయ్యి బరువును కిందికి తోస్తుంది. అది అత్తగారే లేచి నిలబడి చీపురుకట్ట పట్టుకుని చూపించారు. “ఇలా, నడుం దగ్గర నుంచి” అంటూ. ఆ వయసులో ఆవిడ నడుం అంత వంగుతుందని కోడలు అనుకోలేదు. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆదివారానికి కొంత చొప్పున అత్తగారు కథ చెప్పేవారు, అచ్చం పత్రికలో వచ్చినట్టే, సరైన చోట ఆపి. పడవెక్కిన ముసలాయన శాలువా రంగు కూడా ఆవిడకు గుర్తే. ల్యాబులో పంటి మైనం చెక్కుతూ ఆమె వారమంతా ఆ ఏటి గురించే ఆలోచించేది. తన అమ్మ పోయాక తన కోసమని ఎవరైనా కూర్చుని ఏదైనా చెప్పడం ఆమెకు ఇదే మొదటిసారి. ఇంట్లో మాటలన్నీ ఎక్కడ పెట్టావు, ఎప్పుడు పెడతావు, ఎందుకు పెట్టలేదు అన్నవే. ఈ కథ ఒక్కటే, విన్నందుకు తిరిగి ఏ పనీ చేయక్కర్లేదు. ఉప్పు గురించీ గడియ గురించీ వంకలు పోయాయని కాదు. పోలేదు. కానీ వాటిలో సూది పోయింది.

కథ మంచి పట్టులో పడింది. ఒక పక్షం సేనాధిపతి ఒంటరిగా వచ్చి పడవెక్కాడు. పొద్దుగూకేలోగా తన సైన్యాన్నంతా దాటించాలని, లేకపోతే పడవ తగలబెడతానని చెప్పాడు. పడవ ఏటి నడిమికి వచ్చింది. పడవమనిషి తెడ్డు నీళ్ళలోంచి పైకి తీసింది. అత్తగారు అక్కడ ఆపి, “మిగతాది వచ్చే వారం” అన్నారు.

ఆ వారమే భర్త కిటికీలో ఆరబెట్టిన బొమ్మను చూశాడు. చాలాసేపు చేతిలో తిప్పి చూశాడు. ఆయనకు మంచి పని అంటే తెలియక కాదు. “ఇది నా సేనాని” అన్నాడు. ఆదివారం క్లబ్బులో వార్షిక పోటీ. అది అత్తయ్య కోసం చేస్తున్నానని ఆమె చెప్పింది. అమ్మకు బొమ్మతో ఏం పని, ఆట అయ్యాక తెచ్చిస్తాను, అమ్మ వద్దంటుందా అన్నాడాయన. పక్కగదిలో ఉన్న అమ్మ వద్దనలేదు, సరే అని కూడా అనలేదు. ఒక్కటే చిక్కు అన్నాడు. ఆటలో బొమ్మ చేతిలో ఏది కనిపిస్తే అదే దాని ఆయుధం. తెడ్డు ఆయుధాల కింద రాదు. తీసేసి బల్లెం పెట్టాలి.

ఇవ్వనంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. అరవడు, కొట్టడు. వారం రోజులు మాట్లాడడు. అన్నం ముందు కూర్చుని సగం తిని లేస్తాడు. ఆ మౌనాన్ని భరించడం కన్నా ఇచ్చేయడం తేలికని ఎన్నోసార్లు అనుకుంది. కానీ ఆ రోజు ఇచ్చింది భయంతో మాత్రమే కాదు. ఆ బొమ్మను నలుగురూ చూడాలని ఆమెకూ ఉంది. మంచి వెలుతురులో, పెద్ద బల్ల మీద, తెలిసినవాళ్ళ చేతుల్లో. ఎవరు చేశారని వాళ్ళు అడగరని తెలిసీ ఉంది. ఆ కోరిక గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు తన మీద తనకు జాలి వేసేది, ఆ జాలికి మళ్ళీ సిగ్గు వేసేది.

పళ్ళకు వాడే సన్నరంపంతో తెడ్డు కోసింది. తెడ్డు ఒక్కటే కోస్తే సరిపోలేదు. కిందికి తోసే చెయ్యి బల్లేనికి పనికిరాదు, అందుకని మణికట్టు దగ్గర చేతులు కూడా కోసి, సన్నతీగ గుచ్చి, మరొకడి చేతులు పైకెత్తి అతికించింది. అతుకు కనపడకుండా రంగు వేసింది. చాలా బాగా వచ్చింది.

ఆదివారం పొద్దున్న భర్త స్నానానికి వెళ్ళినప్పుడు అత్తగారు కుర్చీ లాక్కుని వచ్చి, బొమ్మను అరచేతిలో పెట్టుకుని, కళ్ళజోడు పైకి జరుపుకుని చూశారు.

“బల్లెం పట్టుకుందేం?”

“రూల్సు ఒప్పుకోవట అత్తయ్యా. ఆట అయిపోగానే మళ్ళీ తెడ్డు పెట్టేస్తాను.”

అత్తగారు బొమ్మను జాగ్రత్తగా, నిలబడుతుందా లేదా అని చూసుకుని మరీ, బల్ల మీద పెట్టారు.

“నువ్వు కూడా ఇచ్చేశావా” అన్నారు.

అంతే. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు.

ఆయన కప్పు గెల్చుకుని వచ్చాడు. మిఠాయి డబ్బా కూడా తెచ్చాడు, ఆమె చేతికిచ్చి “నీకే” అన్నాడు. ఆ ఆనందంలో అబద్ధం లేదు. మరుసటి ఆదివారం అత్తగారు కిటికీ దగ్గరికి రాలేదు. ఆమే వెళ్ళి మంచం పక్కన కూర్చుని, “తెడ్డు పైకి తీసింది, తర్వాత?” అని అడిగింది. “మర్చిపోయానమ్మా. ఎప్పటి మాట అది” అన్నారు అత్తగారు. శాలువా రంగు గుర్తున్న మనిషి. ఇంకో రెండుసార్లు అడిగింది. అదే జవాబు. తెడ్డు మళ్ళీ పెట్టాక అడుగుదాంలే, అప్పుడు చెప్తారు అనుకుంది. కానీ సేనాని వచ్చే వారం కావాలి, ఆ పై వారం వేరే ఊరి క్లబ్బు వాళ్ళు వస్తున్నారు, ఈలోగా ల్యాబులో ఒకమ్మాయి మానేస్తే ఆ పని కూడా మీద పడింది. అలా వాయిదా పడుతుండగానే అత్తగారికి ఆయాసం మొదలైంది. ఆస్పత్రిలో మాస్కు పెట్టాక మాట్లాడే వీలు లేదు. ఒక మధ్యాహ్నం, కోడలు ఉతికిన చీర తీసుకుని వెళ్ళేసరికి మంచం ఖాళీ చేస్తున్నారు.

ఆడపడుచు వచ్చింది. తల్లి గది సర్దుతుంటే కోడలు కూడా సాయం కూర్చుంది. చీరలు మడతపెడుతూ, ఇంక ఆపుకోలేక, “వదినా, అత్తయ్య మీకు పడవమనిషి కథ చెప్పారా?” అని అడిగింది. ఆఖరు ఏమవుతుందో కనీసం కూతురికైనా తెలిసి ఉంటుందని ఆశ.

ఆడపడుచు చేతిలో చీర అలాగే ఆగింది. “అమ్మ కథలు చెప్పడమా? మాకెప్పుడూ చెప్పలేదే. అమ్మ చదివేదని కూడా నాకు తెలియదు.”

ఆమెకు కాసేపు చీర అంచులు కలవలేదు. ఆవిడ ఏదో పొద్దుపోక చెప్తున్నారని, అందరికీ చెప్పిందే తనకూ చెప్తున్నారని ఇన్నాళ్ళూ అనుకుంది. జీవితమంతా డబ్బాల వెనక దాచిన దాన్ని ఆవిడ ఒక్క మనిషికే బయటికి తీసి ఇచ్చారు. ఆ ఒక్క మనిషీ దాని చేతులు కోసింది. తర్వాత ఆమె లైబ్రరీలో అడిగింది, పాత పుస్తకాల షాపుల్లో అడిగింది. ఆ పత్రిక ఎప్పుడో మూతపడిందన్నారు. పేరు గుర్తున్నవాళ్ళే తక్కువ.

కొన్నాళ్ళకు భర్త మళ్ళీ కొత్త పెట్టె తెచ్చాడు. తల్లి పోయాక ఆయనా చిక్కిపోయాడు, ఆటలో పడితే కాస్త మనసు మళ్ళుతుందని ఆశపడుతున్నాడు. అది ఆమెకు అర్థమైంది. అయినా పెట్టె విప్పలేదు. ఆదివారం ఆయన బయల్దేరబోతూ చూస్తే ఆమె కిటికీ దగ్గర ఏదో చేస్తోంది. వంగి చూశాడు. చిన్న పడవ, అందులో ఒక సేనాధిపతి కూర్చుని ఉన్నాడు. రెండు చేతులతో పడవ అంచులు పట్టుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని, ఎదురుగా ఖాళీగా ఉన్న చోటు వైపు చూస్తున్నాడు. ఇన్నేళ్ళలో ఆమె చేతిలో తయారైన సైనికులందరికీ మొహంలో కోపమే. భయం పెట్టడం ఇదే మొదలు.

“వీడేంటి ఇలా బెదిరిపోతున్నాడు? ఆటకు పనికిరాడు” అన్నాడాయన.

“ఆటకు కాదు.”

“మరి కొత్త పెట్టె?”

“అది మీరు వేసుకోండి. నేను వేయను.”

ఆయన ఆమెను చూశాడు. ఆ మౌనం మొదలవబోతోందని ఆమెకు తెలిసింది. వారం ఉంటుంది, ఇంకా ఎక్కువే ఉండొచ్చు. ఉండనీ అనుకుంది. బ్రష్షు కడిగి, తుడిచి, అత్తగారి కుర్చీని కాలితో కొంచెం ఆయన వైపు జరిపింది.

“కూర్చోండి. మీ అమ్మ నాకొక కథ చెప్పారు. విన్నంతవరకు చెప్తాను. చివర లేదు. ఎందుకు లేదో అది కూడా చెప్తాను.”