కాబోయే ఫౌజ్‌దారు

ప్రాజక్త ఫౌజ్‌దారు కాబోతున్న సంగతి ప్రాజక్తకన్నా ముందు కొంతం చౌక్‌కు తెలిసింది.

ఆ పొద్దున కాలేజీకి పోతూ బస్సు కోసం నిలబడి తలెత్తి చూస్తే, రెండు కరెంటు స్తంభాల నడుమ తన మొహమే తనవైపు చూస్తోంది. నెత్తిన పోలీసు టోపీ, ఒంటిమీద ఖాకీ చొక్కా. కింద మరాఠీలో 'దాజీ పేట్ ముద్దుబిడ్డ, భావి ఫౌజ్‌దారు కుమారి ప్రాజక్తకు హార్దిక శుభాకాంక్షలు' అని రాసి ఉంది. 'భావి' అన్న మాట చీమంత, ఎస్సై అని అర్థమిచ్చే 'ఫౌజ్‌దారు' ఏనుగంత. శుభాకాంక్షలు చెప్పేవాళ్ల బొమ్మలు వరసగా ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా పెద్దది మంగేశ్ కాకాది, అంటే ఆమె చిన్నాయనది. తెల్ల చొక్కా వేసుకుని, చేతులు జోడించి, ప్రాజక్త మొహానికి రెండింతలున్న మొహంతో నవ్వుతున్నాడు. ఆయన పేరు కింద 'భావి నగర్‌సేవక్', అంటే కాబోయే కార్పొరేటరు, అని ఉంది. వచ్చే కార్పొరేషన్ ఎన్నికల్లో నిలబడాలని ఆయన కోరిక. మొత్తానికి ఆ బ్యానరు మీద ఉన్నవాళ్లలో ఎవరూ ఇంకా ఏమీ కాలేదు. అందరూ కాబోయేవాళ్లే.

తెలుగు నేతగాళ్లు వలసొచ్చి స్థిరపడ్డ ఈ మరాఠీ ఊళ్లో పుట్టినరోజుకు బ్యానరు కడతారు, పన్నెండో తరగతి పాసైతే కడతారు, కొత్త బండి కొన్నా కడతారు. పోలీసు పరీక్ష ఫారమైనా నింపని పిల్లను ఫౌజ్‌దారును చేసి చౌరస్తాలో వేలాడదీయడం మాత్రం కాకాకే చెల్లింది.

అట్లాగని తప్పంతా కాకా నెత్తిన వేయడానికి లేదు. కాలేజీకీ అందులో వాటా ఉంది. ప్రాజక్త బీయస్సీ కెమిస్ట్రీ ఆఖరి ఏడాది. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. మొదటి మనిషి కావడంతో ఏది చదువో ఏది కాదో చెప్పేవాళ్లు లేక, ఎవరు దేనికి పిలిచినా పోయేది. చెట్లు నాటడానికి పిలిస్తే పోయి, పోయినేడు నాటిన గుంతల్లోనే మళ్లీ నాటి ఫోటో దిగింది. స్వచ్ఛతా దినానికి చీపురు పట్టింది. అంతకుముందే ఊడ్చిన చోట ఊడ్వడానికి చెత్తను ఎక్కడినుంచో తెచ్చి పోశారు. గ్యాదరింగని పిలుచుకునే వార్షికోత్సవంలో కుర్చీలు మోసింది. 'క్యాంపస్ జీవితంలో చురుకైన విద్యార్థిని' అని సర్టిఫికెట్ ఇచ్చారు. అంటే కుర్చీలు మోసే పిల్ల అని అర్థం కావడానికి ఆమెకు మూడేళ్లు పట్టింది.

ఆ గ్యాదరింగులోనే హెల్మెట్ పెట్టుకోండని ఒక వీధినాటకం వేశారు. ఇన్‌స్పెక్టరు వేషం కట్టాల్సిన పిల్లవాడికి జ్వరం వస్తే, అద్దెకు తెచ్చిన టోపీ ప్రాజక్త నెత్తికి వచ్చింది. నాటకం అయ్యాక, కార్యక్రమాలు చూసే శీతల్ మేడం ఆమెను వేదిక దిగనియ్యకుండా మైకు మూతి దగ్గర పెట్టి, జీవిత లక్ష్యం ఏమిటో చెప్పమంది. ఆ కాలేజీలో లక్ష్యాలు మూడే. కలెక్టరు, ఫౌజ్‌దారు, రెండూ తోచకపోతే దేశసేవ. కలెక్టరును ముందు మాట్లాడిన పిల్ల తీసేసుకుంది. ఒంటిమీద ఎట్లాగూ ఖాకీ ఉంది కదా అని ప్రాజక్త ఫౌజ్‌దారు అనేసింది. చప్పట్లు బాగానే పడ్డాయి. ఎవరో ఫోన్‌లో ఫోటో తీశారు. అది తిరిగి తిరిగి కాకా చేతికి చేరింది.

మనసులో ఉన్నదే చెప్పి ఉంటే ఒక్కరూ చప్పట్లు కొట్టేవాళ్లు కాదు. ఆమె మనసంతా రంగుల మీద ఉంది. ఉతికితే తువ్వాలు రంగు ఎందుకు వెలుస్తుంది, ఒకే తొట్టిలో ముంచిన నూలు ఒక దారం ఎర్రగా, ఒక దారం కుంకుమ రంగుగా ఎందుకు తేలుతుంది, ఇట్లాంటివి. సెలవుల్లో ఊరి బయట ఒక అద్దకం కార్ఖానా ల్యాబులో పని నేర్చుకుంది. ఆఖరి పరీక్షలు కాగానే, వచ్చే సోమవారం నుంచి ఉద్యోగానికి రమ్మన్నాడు యజమాని వినాయక్ సేఠ్. ఆ రోజు ఆమె ఇంటిదాకా నవ్వుకుంటూ నడిచింది.

ఇంట్లో నోరు తెరవడానికి మాత్రం లేదు. బ్యానరు కట్టినప్పటి నుంచి ఇంటి వైభోగం మారిపోయింది. తండ్రి అంబాదాస్ పరాయివాళ్ల పవర్‌లూమ్ మీద బతుకంతా గడిపినవాడు. అన్నేళ్లూ 'ఏ అంబ్యా' అని పిలిచిన యజమాని ఇప్పుడు 'అంబాదాస్‌రావ్' అంటున్నాడు. తల్లి సరోజ చుట్టిన బీడీల్లో గుప్పెళ్లకు గుప్పెళ్లు ఏరి పారేసే బీడీ కంపెనీ మున్షీకి ఈమధ్య ఆమె బీడీల్లో వంకలే కనిపించడం లేదు. పక్క గల్లీ యల్లమ్మైతే అల్లుణ్ని రెండే రెండు రోజులు లోపల వేసి వదిలేయమని, ఎక్కువ కొట్టొద్దని చెప్పిపోయింది.

అయినా శుక్రవారం అన్నం తినేటప్పుడు ప్రాజక్త చెప్పేసింది. తండ్రికి మగ్గాల మోతలో చెవులు మందగించాయి కాబట్టి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"మల్ల కార్ఖానానే?" అన్నాడు అంబాదాస్. "ఇంత చదివి, తిరిగి తిరిగి గాడికే వస్తవా?"

"ల్యాబుల నాయినా. ఏసీ ఉంటది. చప్పుడుండది."

"ల్యాబైనా గేటు కార్ఖానాదే గద."

కంచం పక్కకు జరిపాడు. తర్వాత, గట్టిగా మాట్లాడడం అలవాటైన మనిషి, గొంతు బాగా తగ్గించి అన్నాడు: "ఒక్క యాడాది గప్ప్ ఉండు బిడ్డా. పరీక్షకు చదువుతుందని చెప్త. అటెన్క ఫేలైందని చెప్త. ఫేలైనోళ్లను ఎవ్వరేమనరు."

అది ఆజ్ఞ అయితే ఎదురు చెప్పేది. బతిమాలుతున్నాడు. బతిమాలే తండ్రిని కాదనడం ఆమెకు ఏ కార్యక్రమంలోనూ నేర్పలేదు.

ఆదివారం సాయంత్రం గణపతి మండలి వాళ్ల షెడ్డులో కాకా ఆమెకు సత్కారం పెట్టించాడు. వేదిక మీద ఒక మాజీ, ముగ్గురు భావీలు కూర్చున్నారు. ప్రస్తుతం ఏదో ఒకటి అనదగ్గ మనిషి ఒక్కడూ లేడు. ఒక్కొక్కరూ లేచి, ఆడపిల్లలు చదవాలని, చదివి పేట పేరు నిలబెట్టాలని, ఆ పేటకు మంగేశ్‌లాంటి నాయకుడు కావాలని చెప్పి కూర్చున్నారు. ప్రాజక్తకు శాలువా కప్పారు, కొబ్బరికాయ చేతిలో పెట్టారు, కాషాయం ఫేటా తలపాగా చుట్టారు. ఫేటా చెవుల మీదికి జారింది. రెండు మాటలు మాట్లాడమన్నారు. ముందు వరసలో తండ్రి కొత్త చొక్కా వేసుకుని తల వంచుకుని కూర్చున్నాడు. రేపు పొద్దున అందరి కళ్ల ముందే కార్ఖానా బస్సెక్కాలి. ఇప్పుడు చెప్పకపోతే రేపటినుంచి రోజూ అబద్ధం చెబుతూ ఎక్కాలి.

"నేను పరీక్ష ఫారమే నింపలే," అంది మైకులో. "గా టోపీ నాటకానిది, కిరాయికి తెచ్చిండ్రు. రేపటి సంది అద్దకం కార్ఖాన్ల నౌకరీ చేస్త. గంతే."

ముందు తేరుకున్నవాడు కాకా. మైకు లాక్కుని నిండుగా నవ్వాడు.

"సూసిండ్రా? పెద్ద ఆఫీసర్లు తమ డ్యూటీ సంగతి ఎన్నడన్న బయట పెడ్తరా?"

చప్పట్లతో రేకులు అదిరాయి. ప్రాజక్త వేదిక దిగేసరికే కథ తయారైపోయింది. రంగునీళ్లను రహస్యంగా నాలాలోకి వదిలే కార్ఖానాలను పట్టుకోవడానికి సర్కారు ఆమెను మారువేషంలో పంపుతోందట. మూడేళ్లు కుర్చీలు మోసింది కూడా నటనేనట.

ఆ కథ ఆమెకన్నా ముందు బస్సెక్కి పోయింది. సోమవారం కార్ఖానా గేటు దగ్గర వాచ్‌మన్ సెల్యూట్ కొట్టాడు కానీ సేఠ్ వచ్చేదాకా లోపలికి పోనియ్యలేదు. వినాయక్ సేఠే ఎదురొచ్చి, మేడం అని పిలిచి, చల్లని సోడా తాగించి, నీళ్లు శుద్ధి చేసే యంత్రం దగ్గరికి స్వయంగా తీసుకుపోయి చూపించాడు. ఎప్పుడో తెచ్చిన యంత్రం. దాని ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదు. తాను పోలీసును కానని ప్రాజక్త ఎంత చెప్పినా, పోలీసులు కూడా అచ్చం అట్లాగే చెబుతారని తల ఊపాడు. ఇంటి పెద్దమనిషి ఎవరైనా వచ్చి చెబితే నమ్ముతానని, రేపటిలోగా రాకపోతే ఇంకొకర్ని చూసుకుంటానని చేతులు జోడించి మరీ సాగనంపాడు.

ఆమె నేరుగా కాకా దగ్గరికి పోయింది. వచ్చి ఒక్క మాట చెప్పమంది.

"ఎలక్షన్ అయ్యేదాంక ఫౌజ్‌దారువే ఉండు ప్రాజూ," అన్నాడు కాకా చాలా ప్రేమగా. "అటెన్క నువ్వేమైతే నాకేంది?"

ఇంటికొచ్చి ఈ మాటలు తల్లికి చెబుతుంటే, గడపలో కూర్చున్న తండ్రి ఎంత విన్నాడో తెలియదు. మర్నాడు మాత్రం పనికి పోకుండా కూతురి వెంట బస్సెక్కాడు.

సేఠ్ రెండు చేతులూ చాచి అంబాదాస్‌రావ్ అంటూ లోపలికి పిలిచాడు. అంబాదాస్ లోపలికి పోలేదు. వాకిట్లోనే నిలబడ్డాడు. నూలు కట్టలు ఆరేస్తున్న పనివాళ్లలో దాజీ పేట్ వాళ్లు చాలామందే ఉన్నారు. ఇక్కడ అన్న మాట సాయంత్రానికి గల్లీ దాటి తన యజమాని చెవిలో, బీడీల మున్షీ చెవిలో పడుతుందని ఆయనకు తెలియక కాదు.

"భావి లేదు, గీవి లేదు సేఠ్," అన్నాడు, మగ్గాల మోత మీద మాట్లాడే గొంతుతోనే. "నేను పరాయోళ్ల మగ్గం నడిపెటోన్ని. ఇంటామె బీడీలు చేస్తది. గీ పిల్ల రంగుల సదువు సదివింది. పోలీసు కాదు, పోలీసు అయ్యేది గూడ లేదు. పెట్టుకుంటె పెట్టుకో."

ఆరేస్తున్న చేతులు ఆగిపోయాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రాజక్త తండ్రి మొహం వైపు చూడలేక నేలవైపు చూసింది.

సేఠ్ మొహంలో మాత్రం నెత్తురు తిరిగొచ్చింది. 'మేడం' అప్పుడే రాలిపోయింది. ఏ పోరీ, అట్లయితే లోపలికి పో, పని చూసుకో అన్నాడు. వాచ్‌మన్‌కు ఏదో సైగ చేశాడు. పోలీసు భయంతో నిన్నటి నుంచి ఆపి ఉంచిన పంపు గోడ వెనక గుర్రుమని మొదలైంది. గోడ కింది తూములోంచి ఎర్రటి నీళ్లు నాలాలోకి దూకాయి.

ప్రాజక్త కదల్లేదు.

"సేఠ్, గా నీళ్లు గట్లనే పోతయా?"

సేఠ్ అనుమానంగా తండ్రి వైపు తిరిగాడు. పోలీసు కాదని ఇప్పుడే కదా చెప్పావు అన్నట్టుంది ఆ చూపు.

"పోలీసు కాదన్న," అన్నాడు అంబాదాస్. "నోరు లేదనలే."

సేఠ్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత పనిలోకి పొమ్మన్నట్టు వేలితో ల్యాబు తలుపు చూపించాడు. పంపు మాత్రం ఆపలేదు.